నానోసెకను గడువులో

కణ డిటెక్టర్ల ఎలక్ట్రానిక్స్ అంటే జెనీవాలో చేసే పని అనుకుంటాం. ఆ విద్యను మన దేశంలో నిలబెట్టినవారిలో ముఖ్యుడు భీమవరం దగ్గరి మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. అందరూ ఏఎస్ రావు అనే ఆయన స్టాన్‌ఫర్డ్‌లో చదివివచ్చి విశ్వకిరణాల పరిశోధనలో చేరారు. 1956లో మొదలైన అప్సర రియాక్టర్‌కు నియంత్రణ పరికరాలు ఆయన బృందం చేసినవే. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను స్థాపించారు. లడాఖ్‌లోని హాన్లేలో, 4,270 మీటర్ల ఎత్తున, భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్)తో కలిసి ఆ సంస్థ నిలబెట్టిన మేస్ గామా కిరణ టెలిస్కోపును చూస్తే, పరికరాన్ని మనమే రూపొందించుకోవాలన్న ఆయన పట్టుదల విలువ తెలుస్తుంది.

గామా కిరణం వాతావరణాన్ని తాకితే పుట్టే చెరెన్‌కోవ్ వెలుగు కొన్ని నానోసెకన్లే ఉంటుంది. మేస్ కెమెరాలో వెలుగును విద్యుత్ పల్సుగా మార్చే 1,088 ఫోటోమల్టిప్లయర్ ట్యూబుల మీద మాత్రం ఆకాశపు వెలుతురు రాత్రంతా పడుతూనే ఉంటుంది. ఈ రెంటినీ విడదీయడానికి వెలుగు ఎంత అన్నది చాలదు, ఎప్పుడు వచ్చిందన్నది కావాలి. రెండు ట్యూబులు సెకనుకు లక్షేసి సార్లు ఊరకే స్పందిస్తున్నాయనుకుందాం. రెండు సంకేతాలు మైక్రోసెకను గడువులో వస్తే చాలు కలిసి వచ్చినట్టేనని ఒప్పుకుంటే, సెకనుకు సుమారు ఇరవై వేల అబద్ధపు జోడీలు నమోదవుతాయి. గడువును పది నానోసెకన్లకు కుదిస్తే అవి రెండు వందలకు దిగుతాయి. ఆ కుదింపులోనే కష్టమంతా ఉంది. ఒకే వేళకు మొదలైన రెండు వరదల్లో పెద్దది ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక మట్టాన్ని ముందు దాటుతుంది. పెద్ద పల్సూ అంతే, నిర్ణీత మట్టాన్ని ముందే దాటి, చిన్నదానికన్నా ముందు వచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే కాన్‌స్టంట్ ఫ్రాక్షన్ డిస్క్రిమినేటర్‌లో పల్సు నకలును తిరగేసి, కొంత ఆలస్యం చేసి, తగ్గించిన అసలుతో కలుపుతారు. ఆ మొత్తం సున్నాను దాటే క్షణం పల్సు ఎత్తును బట్టి మారదు. ఇంత సూక్ష్మంగా కొలిచేచోట కేబులు పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. మీటరు తేడా ఉంటే ఐదు నానోసెకన్లు పోయినట్టే.

ఇవన్నీ బజారులో దొరుకుతాయిగా, పైగా ఇప్పుడు పల్సునంతా డిజిటైజ్ చేసి సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దుకోవచ్చుగా అంటారు. మాడ్యూళ్లు దొరుకుతాయి, నిజమే. కానీ ఏ డిటెక్టర్ పల్సు తీరు దానిదే. దానికి తగ్గ ముందరి యాంప్లిఫయర్‌ను తెలిసిన మనిషే గీయాలి. వేళ నిర్ణయంలో తడబాటు, నాయిజ్‌ను పల్సు ఎక్కే వాలుతో భాగిస్తే వచ్చేంత. ముందరి సర్క్యూటు మందకొడిదై ఆ వాలును చదును చేసిందా, పోయిన కచ్చితత్వాన్ని ఏ ప్రోగ్రామూ పూర్తిగా తిరిగి తేలేదు. ఆసుపత్రిలోని పెట్ స్కాన్ కూడా ఎదురెదురు దిశల్లో పోయే రెండు ఫోటాన్లను ఇలాగే నానోసెకన్ల గడువులో జతకడుతుంది కాబట్టి, ఈ నేర్పు పరిశోధకులకే పరిమితం అనడానికీ లేదు. 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల మొదలైన నాటి నుంచి బెజవాడ చుట్టూ ఈసీఈ చదివినవాళ్లకు కొదవ లేదు. వాళ్లు మొదలుపెట్టడానికి హాన్లే దాకా పోనక్కరలేదు. సముద్రమట్టాన చదరపు సెంటీమీటరు మీద నిమిషానికి సుమారు ఒక మ్యూయాన్, విశ్వకిరణాల వల్ల పుట్టే కణం, పడుతుంది. ఒకదాని మీద ఒకటి పెట్టిన, కణం తాకితే మెరిసే రెండు సింటిలేటర్ పలకలు, రెండు ఫోటోమల్టిప్లయర్లు, కలిసి వచ్చిన జోడీలను పట్టే, చేత్తో కట్టిన కోఇన్సిడెన్స్ సర్క్యూటు ఉంటే కాలేజీ ల్యాబ్‌లోనే వాటిని లెక్కపెట్టవచ్చు.