నిఘా, రచన, న్యాయం: కళింగాంధ్ర సాహిత్యం చెప్పే సాక్ష్యం

ప్రభుత్వాన్ని విమర్శించే రచయితపై ప్రభుత్వం చాటుగా ఒక కన్ను వేసి ఉంచడం కొత్త విషయం కాదు. మారినది సాధనం మాత్రమే. ఒకప్పుడు ఇంటి ఎదుట మఫ్టీ పోలీసు నిలబడేవాడు. ఉత్తరాలు విప్పి చదివేవారు. సభలో ఒక మూల కూర్చుని ప్రసంగాన్ని రాసుకునేవారు. నేడు రచయిత జేబులోని ఫోను ఆ మూడు పనులూ చేయగలదు. ఈ నిఘా వల్ల సత్యం వెల్లడవుతుందా, లేక సత్యానికే హాని కలుగుతుందా అన్నది విచారించవలసిన ప్రశ్న. ఈ విషయంలో న్యాయశాస్త్రంతో పాటు సాహిత్యాన్ని కూడా సాక్షిగా పిలవవచ్చు. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతపు రచయితలు ఇచ్చిన సాక్ష్యం అందులో విలువైనది.

విజయనగరంలో పుట్టిన నాటకం ‘కన్యాశుల్కం’. గురజాడ అప్పారావు 1909లో దానిని తిరగరాసి ప్రచురించారు. బాల్య వివాహాలను, కన్యాశుల్కాన్ని ఖండించిన నాటకంగానే దానిని అందరూ చదువుతారు. కాని దాని ఉత్తరార్ధమంతా ఒక పోలీసు కేసు చుట్టూ తిరుగుతుందన్న విషయం గమనార్హం. లుబ్ధావధాన్లు పెళ్లాడిన పిల్ల ఆడపిల్ల కాదు, వేషం వేసిన కుర్రవాడు. ఆ పిల్ల మాయం కాగానే ముసలివాడు భార్యను హత్య చేశాడన్న అభియోగం పుడుతుంది. లేని మనిషి హత్యకు ఉన్న మనిషిపై కేసు! పోలీసుల బేరాలు, దొంగ సాక్ష్యాల ఏర్పాట్లు యథావిధిగా సాగిపోతాయి. చివరకు నిజాన్ని సౌజన్యారావు పంతులుకు తెలియజేసినది పోలీసు దర్యాప్తు కాదు, మధురవాణి. అనుమానంతో బయలుదేరిన అధికారం తనకు కావలసిన నేరాన్ని తానే తయారు చేసుకోగలదని గురజాడ నవ్విస్తూ చూపారు.

శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నంలో న్యాయవాదిగా జీవించిన రాచకొండ విశ్వనాథశాస్త్రి అదే విషయాన్ని నవ్వు తగ్గించి చెప్పారు. ‘ఆరు సారా కథలు’లోని ‘మాయ’లో సారా కేసులో చిక్కిన ముత్యాలమ్మ యువ ప్లీడరుకు కోర్టు వ్యవహారాన్ని బోధిస్తుంది. నిజం అందరికీ తెలుసు. కాగితం మీద మాత్రం మరొకటి ఉంటుంది. శిక్ష పడేది కాగితాన్ని బట్టి. అధికారి చేతిలోని రికార్డు సత్యానికి ప్రతినిధిగా ఉండడం మాని, సత్యం స్థానాన్నే ఆక్రమిస్తుంది. రచయితలపై నడిచిన కుట్ర కేసులను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సూత్రం చాలు.

ఆ కేసుల చరిత్ర కూడా ఈ నేలకు సంబంధించినదే. శ్రీకాకుళ గిరిజనోద్యమ కాలంలో జముకుల కథ చెప్పిన కవి సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో మరణించాడు. తరువాత పార్వతీపురం కుట్ర కేసు వచ్చింది. నాడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న పార్వతీపురం 1979లో కొత్తగా ఏర్పడిన విజయనగరం జిల్లాలోకి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి చేరింది. కాళీపట్నం రామారావు ‘కుట్ర’ అనే పేరుతోనే కథ రాసి, అసలు కుట్ర ఎవరిదని ఎదురు ప్రశ్న వేశారు.

1974లో సికింద్రాబాద్ కుట్ర కేసు నమోదైంది. కె.వి. రమణారెడ్డి, వరవరరావు, చెరబండరాజు, ఎం.టి. ఖాన్ మొదలైన విప్లవ రచయితలు నిందితులు. వారి కవితలు, ప్రసంగాలు నేరానికి ఆధారాలుగా చూపబడ్డాయి. 1989లో కేసు కొట్టివేయబడింది. చెరబండరాజు ఆ తీర్పు వినలేదు; 1982లోనే మరణించాడు. శిక్ష పడకపోయినా దాదాపు 15 సంవత్సరాల విచారణే శిక్షగా మారింది. ఇక్కడ పోలీసు సాహిత్య విమర్శకుని స్థానంలో కూర్చున్నాడు. విమర్శకుడు కవితలో భావాన్ని వెదుకుతాడు, ఉపమానాన్ని ఉపమానంగా చదువుతాడు. నిఘా చదువరి సెక్షన్‌ను వెదుకుతాడు, ఉపమానాన్ని వాంగ్మూలంగా చదువుతాడు. ఆ కవుల రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఈ తప్పుడు పఠనాన్ని ఆమోదించలేరు.

ఈ సందర్భంలో ఇస్లామీయ ధర్మశాస్త్రం చూపిన హద్దును గుర్తు చేసుకోవడం అవసరం. దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా 12వ ఆయతు అనుమానాన్ని, పరుల రహస్యాలు కూపీ తీయడాన్ని, చాటుమాటు నిందను ఒకే వరుసలో నిషేధిస్తుంది. ఈ వరుస యాదృచ్ఛికం కాదు. అనుమానం కూపీకి, కూపీ అపనిందకు దారి తీస్తాయి. హజ్రత్ ఉమర్ (ర) గోడ దూకి ఒక ఇంట్లోకి వెళ్లి, తప్పు చేస్తున్న వ్యక్తిని పట్టుకున్న వృత్తాంతాన్ని ఇమాం గజాలీ పేర్కొన్నారు. తాను చేసిన తప్పు ఒక్కటైతే ఖలీఫా చేసినవి మూడని ఆ వ్యక్తి వాదించగా, ఖలీఫా అతనిని వదలివేశారు. ముహ్‌తసిబ్ అనే అధికారి చర్య తీసుకోవలసినది బహిరంగమైన తప్పుపైనే గాని, వెదికి తవ్వి తీసిన తప్పుపై కాదని గజాలీ నియమం. అల్ మావర్దీ ఒక మినహాయింపు ఇచ్చారు: ఒక ప్రాణం తీయబడబోతున్నదని నమ్మదగిన వ్యక్తి తెలిపినప్పుడు, ఆలస్యం చేస్తే నష్టం పూడ్చలేనప్పుడు, లోపలికి వెళ్లి చూడవచ్చు. అనగా ప్రభుత్వానికి ఆత్మరక్షణ హక్కు లేదని కాదు. నిర్దిష్టమైన ప్రమాదం, నమ్మదగిన సమాచారం ఉండాలి.

ముస్లిం పాలకులు ఈ హద్దును ఎల్లప్పుడూ పాటించారని చెప్పడం చరిత్రకు ద్రోహం. అబ్బాసీ ఖలీఫాల తపాలా అధికారులు వేగు పని కూడా చేసేవారు. హిజ్రీ 218లో ఖలీఫా మామూన్ పండితుల విశ్వాసాలపై విచారణ ప్రారంభించాడు. అతని తరువాత ముఅతసిం కాలంలో ఇమాం అహ్మద్ బిన్ హంబల్ కొరడా దెబ్బలు తిన్నారు. మన గ్రంథాలలోని నియమం మన ప్రభువులపై కూడా తీర్పు చెబుతుంది.

నేటి పరిస్థితిని ఈ కొలతతోనే చూడాలి. ఆన్‌లైన్ వ్యాఖ్యలను నేరంగా మార్చిన ఐ.టి. చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టివేసింది. 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. అయినా ఫోన్‌పై నిఘాకు ముందుగా న్యాయమూర్తి అనుమతి అవసరం లేదు. ఆజ్ఞ ఇచ్చేదీ, దానిని సమీక్షించేదీ ప్రభుత్వ కార్యదర్శులే. తెలంగాణలో రాజకీయ నాయకుల, జర్నలిస్టుల ఫోన్లు అక్రమంగా విన్నారన్న ఆరోపణపై 2024లో పోలీసు అధికారులే అరెస్టయ్యారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2017లో శాసనమండలిపై వ్యంగ్యచిత్రం పెట్టిన ఫేస్‌బుక్ పేజీ నిర్వాహకుడు తెలుగుదేశం పాలనలో అరెస్టయ్యాడు. 2020 మేలో విశాఖ ఎల్.జి. పాలిమర్స్ విషవాయు ప్రమాదంపై ప్రశ్నలున్న పోస్టు పంచుకున్న గుంటూరు వృద్ధురాలికి వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పాలనలో సి.ఐ.డి. నోటీసు వచ్చింది. 2024 నవంబరులో ఆ పార్టీ సానుభూతిపరులపైనే కేసులు వెల్లువెత్తాయి. స్త్రీలను బూతులతో అవమానించే రాతలు శిక్షార్హమే. వాటిని విమర్శతో కలిపి ఒకే వలలో వేయడమే అన్యాయం. పార్టీలు మారాయి, వల చేతులు మారింది.

సికింద్రాబాద్ కేసులో విడుదలైన వరవరరావు 2018లో భీమా కోరేగావ్ కేసులో మళ్లీ అరెస్టయ్యారు. 2022లో సుప్రీంకోర్టు అనారోగ్య కారణంగా బెయిలు ఇచ్చింది. ఆ కేసులో సహ నిందితుని కంప్యూటరులోకి లేఖలు బయటినుండి చొప్పించబడ్డాయని అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ సంస్థ 2021లో నివేదించింది. దర్యాప్తు సంస్థ దీనిని అంగీకరించలేదు, తేల్చవలసినది న్యాయస్థానమే. కాని లుబ్ధావధాన్లు కేసు చదివిన వారికి ఈ వివాదం తీవ్రత వెంటనే బోధపడుతుంది.

ఇక ఈ సాహిత్యంలోని ఒక లోటును కూడా చెప్పుకోవాలి. గురజాడ హెడ్డు కనబడతాడు, మాట్లాడతాడు, లంచానికి లొంగుతాడు. నేటి వేగుకు ముఖం లేదు. అతడు ఉన్నాడో లేడో తెలియక, రచయిత తానే తన వాక్యాన్ని కొట్టివేసుకుంటాడు. ఏ రికార్డులోనూ నమోదుకాని ఈ నష్టాన్ని చిత్రించే రచన కావాలి.

పాఠకుల బాధ్యత కూడా తక్కువది కాదు. తనకు నచ్చని రచయిత ఇంటి గోడ దూకినప్పుడు మౌనంగా ఉన్న సమాజం, తన గోడ దూకినప్పుడు ఎవరిని పిలుస్తుంది? పొరుగువాని మాటలను పోగుచేసి అధికారులకు అందించే అలవాటు మనలో ఉంటే, పాలకులను నిందించే అర్హత మనకు ఉండదు. హుజురాత్ ఆయతు ఖలీఫాను మాత్రమే ఉద్దేశించినది కాదు, విశ్వాసులందరినీ ఉద్దేశించినది.