రెండో ఆట

మా మొగల్తూరు వైపు ‘ఆట’ అనే మాటకు రెండర్థాలు. పిల్లలు ఆడేదీ ఆటే, సినిమాహాల్లో పడేదీ ఆటే. మొదటి ఆట వదిలారంటే పొద్దెంతయిందో చెప్పగలిగేవాళ్లం. ఇప్పుడు యీ రెండు రకాల ఆటలూ ముప్ఫై, నలభై ఏళ్ల తర్వాత తిరిగి అమ్మకానికి వస్తున్నాయి. ఇవి వినోదవ్యాపారం సంగతులు, సాహిత్య విమర్శకు వీటితో పనేమిటి అనుకోవడం పొరపాటు. పాత రచనను కొత్త కాలం చేతికి ఏ రూపంలో అందించాలి అన్న ప్రశ్న మనదే.

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు తన గేమ్ కన్సోల్ పట్టుకొచ్చాడు. తొంభైలలో నర్సాపురం గేమ్ షాపులోంచి వాణ్ణి చెవి పట్టుకుని ఇంటికి తెచ్చినవాణ్ణి నేనే. ఇప్పుడు వాడి పిల్లలు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 2018లో విడుదల చేసిన సంపుటి అది. ‘ఫైనల్ ఫైట్’ (1989)తో మొదలై ఏడు పాత కొట్లాట ఆటలున్నాయి.

“అన్నీ వున్నాయి గానీ, ముస్తఫా లేదు మావయ్యా,” అన్నాడు వాడు.

వాడు ముస్తఫా అంటున్నది ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అనే 1993 నాటి ఆట. అందులో కథానాయకుడు జాక్ అనే తెల్లవాడు. పసుపుపచ్చ టోపీ పెట్టుకున్న నల్లజాతి యువకుడు ముస్తఫా అతని స్నేహితుడు మాత్రమే. కానీ మన దేశంలో వూరూరా పిల్లలు ఆ ఇంగ్లీషు పేరును పక్కకు తోసి, పరుగెత్తుకొచ్చి ఎగిరి తన్నే ముస్తఫా పేరునే ఆటకు పెట్టుకున్నారు. ఏ విమర్శకుడూ చెప్పకుండానే సహాయపాత్రను నాయకుణ్ణి చేశారు. పాఠకుడు రచనను తిరగరాయడమంటే ఏమిటో చెప్పడానికి మనం పాశ్చాత్య సిద్ధాంతాలు తిరగేస్తాం. రూపాయి బిళ్ల పట్టుకున్న పన్నెండేళ్ల కుర్రవాడు ఆ పని ఎప్పుడో చేసేశాడు.

రూపాయి బిళ్ల దగ్గరే కాస్త ఆగాలి. ఆ ఆటల రూపాన్ని నిర్ణయించింది కథ కాదు, నాణెం. మొదటి దశ తేలిగ్గా సాగుతుంది. ఆ తర్వాత శత్రువులు గుంపులుగా మీద పడతారు. గుంపును చెదరగొట్టే గట్టి దెబ్బ వాడితే మన ప్రాణబలమే కొంత తరుగుతుంది. చచ్చిపోగానే తెర మీద అంకెలు వెనక్కి లెక్కపెడతాయి. ఆ పది అంకెల లోపల ఇంకో నాణెం పడాలి. పిల్లవాడి జేబు ఎంత త్వరగా ఖాళీ అయితే యంత్రం యజమానికి అంత లాభం. అంటే ఆటలోని ఉత్కంఠ పెట్టుబడి లెక్కలోంచి పుట్టింది. అయితే ఆ లెక్కను ఎదిరించి, ఒకే బిళ్లతో ఆఖరిదాకా వెళ్లిన కుర్రవాడి చుట్టూ జనం మూగేవారు. వాడి నేర్పు కూడా ఆ దోపిడీలోంచి పుట్టినదే. కష్టాన్ని పాడుకుంటూ చేసే కూలిజనం పాటల్లో ఇలాంటి వైరుధ్యమే కనబడుతుంది. (పోలిక పెద్దదే, తెలుసు. వుండనివ్వండి.)

కొత్త సంపుటిలో నాణెం లేదు. మీట నొక్కితే చాలు, ఎన్నిసార్లు చచ్చినా లేస్తారు. మా మనవడు ముప్పావుగంటలో ‘ఫైనల్ ఫైట్’ పూర్తిచేసి, “ఇంతేనా?” అన్నాడు. బొమ్మ అదే, సంగీతం అదే. రచన మాత్రం అది కాదు. దీన్ని గుర్తించినవారూ వున్నారు. హామ్‌స్టర్ అనే మరో జపాన్ కంపెనీ 2014 నుంచి పాత ఆటలను ఒక్కొక్కటిగా తిరిగి తెస్తూ, అయిదు నిమిషాల్లో ఎంత సాధిస్తావో చూసుకోమనే పద్ధతి ఒకటి అదనంగా పెట్టింది. పోయిన కరువును నియమం రూపంలో తిరిగి తెచ్చిందన్నమాట. పాత ఇబ్బందిని ఆరాధించమని నేననను. పిల్లల దగ్గర రూపాయలు గుంజడం ఏ కళకూ శోభ కాదు. కానీ ఏది పోయిందో చెప్పకుండా ‘అదే ఆట’ అని అమ్మడం అబద్ధం.

సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేసే ముందు తాళపత్ర ప్రతులు సేకరించి, పోల్చి చూశాడు. అతని ఎంపికలతో మనం విభేదించవచ్చు. అయితే విభేదించడానికి ఒక పరిష్కర్త అంటూ వున్నాడు. క్యాప్‌కామ్ సంపుటిలో జపాన్ ప్రతి, ఇంగ్లీషు ప్రతి రెండూ వున్నాయి. చిత్రకారుల తొలి రేఖాచిత్రాలూ వున్నాయి. లాభం కోసమే కావచ్చు, పరిష్కర్త పని కొంత చేసింది.

మన సినిమావాళ్లు ఆపాటి పనీ చేయడం లేదు. మొగల్తూరు చిరంజీవి పుట్టిన వూరు, కృష్ణంరాజు పుట్టిన వూరు కూడా. 2024 ఆగస్టు 22న, పుట్టినరోజు కానుకగా, 2002 నాటి ‘ఇంద్ర’ మళ్లీ హాళ్లకు వచ్చింది. 1990 మే 9న తుపాను రోజుల్లో విడుదలైన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 2025లో అదే తేదీన త్రీడీ హంగుతో వచ్చింది. త్రీడీ ఎవరడిగారు? 2010లో ‘మాయాబజార్’కు రంగులు పూసినప్పుడూ ఇదే ప్రశ్న. నలుపు తెలుపుల్లో మార్కస్ బార్‌ట్లే పరచిన వెన్నెలను ‘లోపం’గా చూసినవారే దానికి రంగు పూయగలరు. చెడిన ఫిల్మును బాగుచేయడం వేరు, రచనను సవరించడం వేరు. మొదటి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ (1932) ప్రతి ఒక్కటీ మనకు మిగలలేదు. బాగుచేసే పని ఎంత అత్యవసరమో దాన్నిబట్టే తెలుస్తుంది. ఆ డబ్బు హంగుకు పోతున్నది.

ఏది తిరిగి రావాలో నిర్ణయిస్తున్నది కూడా పుట్టినరోజుల పట్టికే. భూస్వామికి ఎదురు తిరిగిన అయిదుగురు పల్లె యువకుల కథ ‘మన ఊరి పాండవులు’ 1978లో బాపు తీశాడు. మా వూరి నటులిద్దరూ అందులో వున్నారు. చిరంజీవి ఆ అయిదుగురిలో ఒకడు, అంతే. తార ఇంకా తార కాని సినిమాకు కటౌటు ఎవరు కడతారు? హాల్లో కాగితాలు చల్లి, సంభాషణలు ముందే పలికే కుర్రవాళ్లను నేను తప్పుపట్టను. ముస్తఫాకు పేరు పెట్టిన చొరవే అది. దానికి మేత ఏమి వేస్తున్నామన్నదే నా తగువు.

ఇక ముస్తఫా సంపుటిలో ఎందుకు లేడు? ఆ పాత్రలు అమెరికన్ బొమ్మలకథల రచయిత మార్క్ షుల్జ్ సృష్టి. హక్కులు క్యాప్‌కామ్ ఒక్కదానివే కావు, మళ్లీ బేరం కుదరాలి. ఈలోగా ఆ ఆటను బతికించింది అనుమతి లేని నకళ్లే. ఆస్తిహక్కు కాపాడలేని రచనను దొంగప్రతి కాపాడుతున్నది.

“చూస్తావా మావయ్యా?” అని మేనల్లుడు ల్యాప్‌టాప్ తెరిచాడు. అందులో అయిదు అంకె నొక్కితే నాణెం పడుతుంది, గణగణమని శబ్దం కూడా. వాడు ముందుగానే పది నాణేలు వేసేసుకున్నాడు. రెండో దశ దాటకుండానే లేచి భోజనానికి వచ్చేశాడు.