దుబాసి విద్య: క్లౌడు కనెక్టరు నిర్మాణమును గూర్చి

కుంఫిణీవారి కాలమున చెన్నపట్టణమునందును బందరునందును దుబాసి యను వృత్తి యొకటి ప్రబలముగా నుండెడిది. ద్విభాషి యను సంస్కృతపదమే జనుల నోళ్లలో నలిగి దుబాసి యైనది. రెండు భాషలు వచ్చినంతమాత్రమున ఎవడును మంచి దుబాసి కాజాలడు; ఒక భాషలోని మాటకు రెండవ భాషలో మాటయే లేనప్పుడు అతడేమి చేయునో దానినిబట్టి అతని యోగ్యత తేలును. లేనిదానిని ఉన్నట్లు పలికి ఇరుపక్షములను సంతోషపెట్టినవాడు ఆ పూటకు మెప్పు పొందును గాని, బేరము చెడిననాడు ఇరువురి తిట్లును తినును. కాశీయాత్రచరిత్రను రచించిన ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా కొలువు చేసినవాడే. సాక్షి చెప్పిన మాటను పెంపక, తగ్గింపక అప్పగించుట ఆ కొలువునకు ప్రాణము.

కంప్యూటరు ప్రోగ్రాములలో కనెక్టరు అనబడునది ఈ దుబాసి జాతికే చెందినదని నా అభిప్రాయము. దానికి ఒకవైపున ఫైళ్లు, ఫోల్డర్లు తప్ప వేరొకటి యెరుగని పాత ప్రోగ్రాము నిలిచియుండును. రెండవవైపున ఎక్కడనో వేలకొలది యంత్రముల నడుమ విస్తరించియున్న క్లౌడు నిలువ యుండును. ఇది అడిగినదానిని దానికర్థమగునట్లు చెప్పి, అది యిచ్చిన ప్రత్యుత్తరమును దీనికి నచ్చజెప్పుటయే కనెక్టరు పని. చూచుటకు ఇది గుమాస్తా పనివలె తోచును. ఇరువది యేండ్లుగా ఈ పనిలో పుట్టిన మెలకువలను పరిశీలించినవారికి మాత్రము, ఇందొక విద్యయు, ఆ విద్యకొక సంప్రదాయమును ఉన్నట్లు గోచరింపక మానదు.

మొదట ఆ రెండు భాషల స్వభావము నెరుగవలయును. 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు ఆరంభించి, 1974లో ఒక ప్రసిద్ధ వ్యాసముద్వారా లోకమునకు వివరించిన యూనిక్స్ వ్యవస్థలో, ఫైలనగా వరుసగా పేర్చిన బైట్ల మాల. దానిని తెరువవచ్చును, చదువవచ్చును, నడుమ దిద్దవచ్చును, చివర చేర్చవచ్చును, పేరు మార్చవచ్చును, మూయవచ్చును. ఈ సరళమైన భావన ఎంతగా వేళ్లూనినదనగా, నేడు కంప్యూటరు ముట్టిన ప్రతివాడును ఫైలు, ఫోల్డరు అనునవి ప్రకృతిసిద్ధములైన వస్తువులని తలచుచున్నాడు. 2006 మార్చి 14న అమెజాన్ సంస్థ వెలువరించిన ఎస్‌3 నిలువ ఈ భావనను చాలవరకు విడిచిపెట్టినది. అందు బకెట్టు అను పాత్రయును, దానిలో ఆబ్జెక్టులును మాత్రమే కలవు. ఆబ్జెక్టును మొత్తముగా ఉంచవచ్చును, పూర్తిగానో కొంతభాగమో తెచ్చుకొనవచ్చును, తుడిచివేయవచ్చును, పేర్ల జాబితా నడుగవచ్చును. సాధారణమైన బకెట్లలో నడుమ దిద్దుట లేదు, పేరు మార్చుట లేదు, నిజమునకు ఫోల్డరే లేదు. “కాకినాడ/ఆగస్టు/లెక్కలు” అను పేరులో గీత కూడ ఒక అక్షరమే. కాకినాడ యను గది గాని, ఆగస్టు అను అర గాని ఎచ్చటను లేవు.

ఇంతటి భేదమును కప్పిపుచ్చి, దూరమందున్నదానిని చేరువలో నున్నట్లే చూపవలెనను ఆశ క్లౌడుకంటె పాతది. 1994లో సన్ మైక్రోసిస్టమ్స్ ప్రయోగశాలలో జిమ్ వాల్డో మొదలగు నలుగురు ఒక నివేదిక వ్రాసి, ఆ యాశ దురాశ యని తర్కించిరి. దూరపు యంత్రముతో మాటాడుటలో ఆలస్యముండును. పని సగము జరిగి సగము నిలిచిపోవుట యుండును. జరిగినదో లేదో తెలియకపోవుట యుండును. ఒకే యంత్రములోని పనికి ఈ బాధలు లేవు గనుక, రెంటికిని ఒకటే ముసుగు వేసినచో ఆ ముసుగు ఎన్నడో ఒకనాడు చినుగునని వారి వాదము. కనెక్టరు కట్టువారందరును ఆ నివేదికను ఒకసారి చదివి పనికి దిగిన బాగుండునని నేను తలచుచుందును. చదివినను, పని ఒత్తిడిలో మరచిపోవుదురనుట వేరు సంగతి.

ఈ విద్య చరిత్రను హడూప్ వ్యవస్థకై కట్టిన కనెక్టర్లలో చక్కగా చూడనగును. అపారమైన సమాచారమును వందలకొలది యంత్రములపై పంచి లెక్కించుటకు పుట్టిన హడూప్, హెచ్.డి.ఎఫ్.ఎస్. అను సొంత ఫైలు వ్యవస్థను నమ్ముకొని పెరిగినది. దానిని ఎస్‌3తో ముడివేయుటకు మూడు తరముల దుబాసులు వచ్చిరి. మొదటివాడు ప్రతి ఫైలును ముక్కలు చేసి, తనకు మాత్రమే తెలిసిన క్రమములో బకెట్టునందు దాచెడివాడు. ఆ ముక్కలను ఇంకొక పనిముట్టుతో చదువబోయిన ఏమియు అర్థమగునది కాదు. దుబాసి తన సొంత సంకేతభాషను ఇరువురి నడుమ దూర్చినట్లయినది. రెండవతరము ఎస్‌3ఎన్, ఆ తప్పును దిద్ది, ఒక ఫైలునకు ఒక ఆబ్జెక్టు అను సహజమార్గము పట్టెను. మూడవది ఎస్‌3ఏ, 2014లో హడూప్ 2.6తో వెలువడి, నేటికిని కొలువులో నున్నది.

ఇక ఈ విద్యలో కెల్ల కఠినమైన ఘట్టము పేరుమార్పు. హెచ్.డి.ఎఫ్.ఎస్.లో ఫోల్డరు పేరు మార్చుట ఇంటి తలుపుమీది పలకను మార్చినంత పని. లోని సామాను కదలదు, పని ఒక్క క్షణమున జరుగును, లేదా అసలే జరుగదు. ఎస్‌3లో అదే పనికి వేరొక ఇల్లు కట్టి, సామానంతయు ఒక్కొక్కటిగా అందు చేర్చి, పాత ఇంటిని పడగొట్టవలసియుండును. పదివేల ఆబ్జెక్టులున్నచో పదివేల నకళ్లు, పదివేల తుడిచివేతలు. నాలుగువేల దగ్గర విద్యుత్తు పోయినను, తీగె తెగినను, సగము సంసారము ఇచ్చట, సగము అచ్చట. హడూప్ మాత్రము ఈ పేరుమార్పునే తన సత్యప్రమాణముగా పెట్టుకొన్నది: పనివారందరును తమ ఫలితములను తాత్కాలికమైన ఫోల్డరులో వ్రాయుదురు, పని నెరవేరినదని తేలిన పిమ్మట, ఆ ఫోల్డరు పేరు మార్చి ఫలితమును లోకమునకు చూపుదురు. కనెక్టరు వినయముగా “చిత్తము, పేరు మార్చినాను” అని పలికినంతకాలము పై ప్రోగ్రామునకు అనుమానము రాదు. వచ్చునాటికి లెక్కలు తారుమారై యుండును.

ఈ చిక్కును విప్పిన తీరు ఈ సంప్రదాయములోని మిక్కిలి రమ్యమైన భాగము. పెద్ద ఆబ్జెక్టులను భాగములుగా పంపు సౌకర్యమును ఎస్‌3 2010లో కల్పించెను. చివరిది తప్ప ప్రతి భాగమును కనీసము 5 మెగాబైట్లు ఉండవలెను. పదివేల భాగములవరకు పంపవచ్చును. అన్నియు చేరిన తరువాత “ముగించితిని” అను తుది సందేశము పంపినగాని ఆబ్జెక్టు ఎవరికిని కనబడదు. దస్తావేజంతయు వ్రాసి, సాక్షులను కూర్చుండబెట్టి, సంతకమును మాత్రము రిజిస్ట్రారు ఎదుట చేయుటకై నిలిపినట్టు లన్నమాట. ఎస్‌3ఏ కట్టినవారు ఈ యేర్పాటులో తమకు కావలసిన గుట్టు దొరికినదని గ్రహించిరి. పనివారు తమ ఫలితమును తాత్కాలికస్థలమునకు గాక నేరుగా తుది స్థలమునకే భాగములుగా పంపుదురు. సంతకము మాత్రము చేయరు. చేయవలసిన సంతకముల చిట్టా ఒకటి నాయకుని చేతికి చేరును. పని యంతయు సిద్ధించినప్పుడు అతడు వరుసగా సంతకములు చేయించును. చెడినచో అన్నిటిని రద్దు చేయించును. నకలు లేదు, పేరుమార్పు లేదు. 2018లో హడూప్ 3.1తో ఈ పద్ధతి ప్రోగ్రాము వ్రాయువారికి అందినది. దీని పూర్వరూపములలో ఒకటి నెట్‌ఫ్లిక్స్ సంస్థలో రూపొందినది. సంతకముల వరుసయు క్షణములో ముగియదు గనుక దోషము పూర్తిగా తొలగలేదు. గంటలకొలది తెరచియుండిన ప్రమాదద్వారము కొన్ని లిప్తలకు కుదించుకొనిపోయినది.

ఇందులో ఒక మరుగుపడిన గొయ్యి గలదు. నేనందు స్వయముగా పడితిని. సంతకము కాని భాగములు మామూలు జాబితాలో కానరావు గాని, వాటికి అద్దె మాత్రము నడచుచునే యుండును. పూర్వము నేను కొలువుచేసిన ఒక కార్యాలయమున, దాదాపు ఖాళీగా కనబడుచున్న బకెట్టుకు నెలనెలకు బిల్లు పెరుగుచుండగా, మేము ముగ్గురము రెండు దినములు లెక్కలు తిరగవేసి, తుదకు నేను వ్రాసిన కనెక్టరు విఫలమైనప్పుడెల్ల రద్దు సందేశము పంపుట మరచుచున్నదని కనుగొంటిమి. ఇన్ని దినముల తరువాత తుడిచివేయుమని బకెట్టునకే నియమము చెప్పియుంచు సౌకర్యము కలదు. దానిని పెట్టుకొనకుండ భాగములు పంపువాడు, పొయ్యి ఆర్పకుండ పెండ్లికి పోవువాని వంటివాడు.

రెండవ పెద్ద ఘట్టము కాలమునకు సంబంధించినది. మొదటి పదునాలుగేండ్లు ఎస్‌3లో ఒక విచిత్రము నడచినది. అప్పుడే వ్రాసినది జాబితాలో వెంటనే కానరాకపోవచ్చును. తుడిచినది కొంతసేపు కనబడుచునే యుండవచ్చును. దిద్దినదానికి పాత ప్రతి రావచ్చును. క్రొత్తగా నుంచిన ఆబ్జెక్టును మాత్రము వెంటనే చదువవచ్చునని తరువాతి యేండ్లలో హామీ యుండెను, దానికొక మినహాయింపు. ఉంచుటకు ముందే “అది యున్నదా?” అని ఎవరైన అడిగియున్నచో, ఆ “లేదు” అను జవాబు వ్యవస్థకు గురుతుండి, ఉంచిన పిమ్మటను కొంతసేపు “లేదు” అనియే పలుకవచ్చును. వ్రాయుటకు ముందు ఉన్నదో లేదో చూచుకొనుట పాత ఫైలు లోకమున మర్యాద. ఇచ్చట ఆ మర్యాదయే కీడు చేసినది. దీనిని కాచుకొనుటకై హడూప్‌వారు ఎస్‌3గార్డు అను పేర డైనమోడీబీ యను డేటాబేసులో వేరొక చిట్టా నిలిపి, ఎస్‌3 మాటను ఆ చిట్టాతో సరిచూచుకొనుచు వచ్చిరి. 2020 డిసెంబరు 1న అమెజానువారు ఇకమీదట వ్రాసినది తక్షణమే అందరికిని కనబడునని ప్రకటించిరి. ఎస్‌3గార్డు అవసరము తీరెను. పిమ్మట దానిని తొలగించిరి. ఎన్నో నెలల శ్రమతో కట్టిన కట్టడమును సంతోషముగా కూల్చుకొన్న మేస్త్రీలను ఈ వృత్తిలో గాక వేరొకచోట నేను చూడలేదు.

మరలయడుగుటయందు గల మెలకువ చిన్నదిగా కనబడును గాని చిన్నది కాదు. ఎస్‌3లో ఒకే మొదలుగల పేర్ల క్రింద సెకనుకు 3,500 వ్రాతలు, 5,500 చదువులు కనీసముగా సాగునని 2018లో ప్రకటించిరి. అంతకు మించి త్రోసుకొనిపోయినచో 503 అను అంకెతో “మెల్లగా” అను జవాబు రావచ్చును. అప్పుడు కనెక్టరు కొంత ఆగి అడుగవలెను, మరల కాదన్న రెట్టింపు ఆగవలెను. ఆ విరామమునకు కొంత యాదృచ్ఛికతయు కలుపవలెను. లేకున్న నూరు యంత్రములు ఒకే తాళమున ఆగి, ఒకే తాళమున మీదపడును. ఎడమును రెట్టించు ఈ ఉపాయము 1970ల నాటి ఈథర్‌నెట్టు తీగెలపై తేరిన పాత విద్య. జవాబే రాకపోయిన సందర్భము ఇంకను సూక్ష్మమైనది. ఉంచుమన్న ఆజ్ఞను రెండుసార్లు పంపిన ఫలితమొకటే యందురు. తుడువుమన్నదియు నంతే యందురు. నిజమే, కాని మొదటి తుడిచివేతకు రెండవదానికి నడుమ వేరొకడు అదే పేరున క్రొత్త ఆబ్జెక్టు నుంచియున్నచో, మన వినయపూర్వకమైన రెండవ విన్నపము వాని సొత్తును మాయము చేయును. ఉంచుటవరకు ఇట్టి ఆపదను కాచుకొనుటకు “ఆ పేరున ఏమియు లేకున్ననే ఉంచుము” అని షరతు పెట్టు వీలు ఎస్‌3లో 2024లో గాని రాలేదు.

విన్నపములపై చేయు సంతకములు, తాళపుచెవులు, గడియారము 15 నిమిషములకు మించి తప్పినచో విన్నపము త్రోసిపుచ్చబడుట మున్నగునవి పుస్తకములలో చక్కగానే యున్నవి. వాటిని గూర్చి నేను విస్తరింపను. పేర్ల సంగతి మాత్రము తెలుగువాడనగుటచే విడువజాలను. ఎస్‌3లో ఆబ్జెక్టు పేరు 1,024 బైట్లకు మించరాదు. ఆంగ్లాక్షరము ఒక బైటు. తెలుగున ప్రతి సంకేతమునకు మూడు బైట్లు. కావున అక్షరములు, గుణింతములు, పొల్లులు అన్నియు లెక్కించి 341 సంకేతములతో మన హద్దు తీరును; గ్రామకైఫీయతుల ప్రతిచిత్రములకు తాలూకా, గ్రామము, పుట అని నిడుపైన పేర్లు పెట్టువారు ఈ హద్దును తలచుకొనవలెను. అంతకంటె చిత్రమైనది ఐత్వము. యూనికోడులో దానిని ఒకే గురుతుగా వ్రాయవచ్చును. ఎత్వమునకు క్రింద ఐత్వపు గురుతును చేర్చి రెండుగాను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటే. పాత మ్యాకు యంత్రముల ఫైలు వ్యవస్థ పేర్లను రెండుగా విడదీసి దాచెడిది. ఎస్‌3 ఇచ్చిన బైట్లను ఇచ్చినట్లే యుంచును. కనుక “హైదరాబాదు” ఒకచోట 27 బైట్లు, ఇంకొకచోట 30 బైట్లు. ఆ యంత్రమునుండి పంపినదానిని ఈ యంత్రమునుండి అడిగినచో “అట్టి ఊరు లేదు” అను జవాబు వచ్చును.

ఇట్టిచోట కనెక్టరు పేరును తానే సరిదిద్దవలెనా? నా మిత్రులలో దిద్దవలెననువారు ఎక్కువ. నేను అంగీకరింపను. దిద్దిన పేరుతో దాచినచో, దిద్దని పేరుతో ఇదివరకే దాచినవాని ఆస్తి వానికి దొరకదు. ఉన్నదున్నట్లు పంపి, దగ్గరి పోలిక గల పేరు కనబడిన వినియోగదారునకు తెలియజేయుట ఉచితము. ఉన్నదున్నట్లు చెప్పు ఈ నిజాయితీ హడూప్‌వారి కట్టుబాటులోనే కలదు. ఫైలు వ్యవస్థ యనగా ఏమేమి చేయవలెనో వారు గణితశాస్త్రపు ఫక్కిలో వ్రాసికొని, దానికి పరీక్షలు కట్టిరి. ప్రతి కనెక్టరును తనకు చేతనైనవి, కానివి ఒక ఫైలులో ముందే ఒప్పుకొనవలెను. ఎస్‌3ఏ ఫైలులో, చీలికలేని పేరుమార్పు అనుదాని కెదురుగా, “లేదు” అని వ్రాసియున్నది.

నేనును నా కనెక్టర్లకు ఒక పరీక్షాబకెట్టు నుంచుకొన్నాను. ప్రతి మూడవ జవాబును కావలెనని మ్రింగివేయు ఉత్తుత్తి సర్వరు దాని ముందు కాపలా యుండును. దానిని దాటి లోపలికి పోయినచో, ఒకదాని ప్రక్కన ఒకటిగా, చూచుటకు కవలలవలె, రెండు హైదరాబాదులు కనబడును.