వెండితెర మీద రసనిష్పత్తి

చలనచిత్రం చూచి కంటతడి పెట్టినవాడు వెలుపలికి వచ్చిన తర్వాత కొంచెం సిగ్గుపడతాడు. తెర మీద కదలినవి నీడలని అతనికి తెలుసు. ఏడ్చిన నటి ఆ పూట పని ముగించుకొని ఇంటికి వెళ్లి ఉంటుందనీ తెలుసు. అయినా గుండె బరువెక్కింది. ఈ చిక్కు కొత్తది కాదు. నాటకం చూచే సామాజికునికి రసానుభవం ఎట్లా కలుగుతుందన్న ప్రశ్నను, భరతుని రససూత్రం ఆధారంగా భట్టలోల్లటుడు, శంకుకుడు, భట్టనాయకుడు, అభినవగుప్తుడు తర్కించారు. రసం పాత్రలో ఉన్నదా, నటునిలో ఉన్నదా, చూచేవానిలో ఉన్నదా అన్నదే ఆ వాదంలోని కీలకం. చివరకు అభినవగుప్తుడు దానిని సహృదయుని హృదయంలోనే నిలిపాడు. వెండితెర వచ్చాక ఆ నిర్ణయానికి బలం చేకూరిందే గాని తగ్గలేదు. రంగస్థలం మీద నటుడైనా ఎదుట ఉంటాడు. తెర మీద అతడూ లేడు.

అయినా చిత్రాలను గురించి సాధారణంగా వినవచ్చే అభిప్రాయం దీనికి విరుద్ధంగా ఉంటుంది. పాత్ర ఏడిస్తే ప్రేక్షకుడు ఏడుస్తాడు, పాత్ర కేక వేస్తే హడలిపోతాడు, మిగిలిన కొరత నేపథ్య సంగీతం తీరుస్తుంది అన్నది ఆ అభిప్రాయం. జలుబు అంటుకొన్నట్లు భావం కూడా అంటుకొంటుందన్నమాట. ఇదే నిజమైతే ఎక్కువ కన్నీరు కార్చిన చిత్రమే ఎక్కువగా కదిలించాలి. అనుభవం అట్లా లేదు. నాయిక భోరున ఏడుస్తుంటే ప్రేక్షకుడు కుర్చీలో సర్దుకొని కూర్చున్న సందర్భాలు ఎన్నో. రసాన్ని, స్థాయిభావాన్ని పేరు పెట్టి చెప్పడం దోషమనీ, దానికి స్వశబ్దవాచ్యత అని పేరనీ మమ్మటుడు కావ్యప్రకాశంలో చెప్పాడు. దుఃఖాన్ని దుఃఖమని పిలిచే సంభాషణకూ, విషాదాన్ని చాటింపు వేసే వాద్యబృందానికీ ఆ దోషం సమానంగా వర్తిస్తుంది.

మరి కదిలించేది ఏది? భిన్నరసాలకు చెందిన మూడు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సమాధానం దొరుకుతుంది. ఒకటి బెంగాలీ, ఒకటి తెలుగు, ఒకటి మలయాళం. మూడింటికీ మూలం సాహిత్యమే.

సత్యజిత్ రాయ్ తొలి చిత్రం ‘పథేర్ పాంచాలీ’ 1955లో విడుదలైంది. మూలం విభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల. సంపాదన కోసం దూరం వెళ్లిన హరిహరుడు తిరిగి వస్తాడు. అతడు లేని కాలంలో కూతురు దుర్గ జ్వరంతో మరణించింది. ఆ సంగతి అతనికి తెలియదు. గాలివానకు కూలిన ఇంటిని చూస్తాడు, పిల్లలను కేకవేస్తాడు, తెచ్చిన వస్తువులను ఒక్కొక్కటే భార్య సర్వజయకు చూపుతాడు. ఆమె మాట్లాడదు. చివరకు అతడు దుర్గ కోసం తెచ్చిన చీరను తీస్తాడు. అప్పుడు ఆమె కుప్పకూలిపోతుంది. నోరు తెరచి ఏడుస్తున్నది; కాని ఆ ఏడుపు వినిపించదు. దాని స్థానంలో తార్ షెహనాయి తారస్థాయిలో పలుకుతుంది.

ఈ సన్నివేశంలో ప్రేక్షకుని గుండెను పిండేది సర్వజయ శోకమేనా? అంతకన్న ముందే, హరిహరుడు సంతోషంగా మూట విప్పుతున్నప్పుడే అది మొదలైంది. తండ్రికి తెలియనిది ప్రేక్షకునికి తెలుసు. చెప్పలేక ఆ తల్లి మోస్తున్న భారంలో అతడు సగం మోస్తున్నాడు. కాబట్టి ఆ తల్లి గొంతు వినిపించనవసరం లేదు. వాద్యం ఇక్కడ శోకానికి పేరు పెట్టడం లేదు. గొంతు ఉండవలసిన చోటును ఖాళీ చేసి ప్రేక్షకునికి ఇస్తున్నది.

తర్వాత కుటుంబం ఊరు విడిచి వెళ్లేముందు అటక మీది వస్తువులు దించుతుంటే, దుర్గ దొంగిలించిందని పొరుగువారు నింద వేసిన పూసలదండ చిన్నవాడు అపూ చేతికి దొరుకుతుంది. వాడు ఎవరితోనూ అనడు. పరుగున వెళ్లి చెరువులో విసిరేస్తాడు. నీటి మీది నాచు విడివడి మళ్లీ మూసుకొంటుంది. ఆ రహస్యం ఇక లోకంలో ఇద్దరిదే: అపూది, ప్రేక్షకునిది. కన్నీరు లేదు, మాట లేదు. అయినా కరుణ అక్కడ పరాకాష్ఠ చెందుతుంది.

అదే 1955లో తెలుగులో ‘మిస్సమ్మ’ వచ్చింది. రవీంద్రనాథ్ మైత్ర బెంగాలీ నాటకానికి ఇది అనుసరణ. శరత్ నవలలను తెనిగించి పేరు పొందిన చక్రపాణి రచన చేయగా ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించాడు. ఉద్యోగం కావలసిన ఇద్దరు పట్టభద్రులు, భార్యాభర్తలకే ఇస్తామన్న ఉపాధ్యాయ పదవుల కోసం దంపతులుగా నటించడానికి ఒప్పుకొంటారు. ఊరివారి ఎదుట సంసారం, గదిలో సమరం. హాస్యమంతా అక్కడ పుడుతుంది. కాని రావు మరొక అమ్మాయికి సంగీతం నేర్పుతుంటే మేరీకి కోపం వస్తుంది. భర్త కాని భర్త మీద ఆ అలక ఎందుకో ఆమెకు తెలియదు. ప్రేక్షకునికి తెలుసు. సావిత్రి ముఖంలో ఆ అలక కదిలినప్పుడు అతడు నవ్వుతూనే ఆర్ద్రుడవుతాడు. ప్రేమ అన్న మాట పలికిన ఘట్టాలలో కంటె అది పలకకుండా దాచుకొన్న ఘట్టాలలోనే ఈ చిత్రంలో శృంగారం పండింది.

దాని లోపం కూడా ఇక్కడే ఉన్నది. మతాలు వేరైన ఇద్దరి మధ్య అడ్డు ఎట్లా తొలగుతుందోనని ప్రేక్షకుడు నిజంగా ఆదుర్దా పడుతుండగా, మేరీ చిన్ననాడు తప్పిపోయిన జమీందారు కూతురేనని కథ తేల్చివేస్తుంది. అడ్డును దాటడం వేరు, అడ్డే లేదనడం వేరు. అంతవరకు ప్రేక్షకుడు మోసిన భారాన్ని రచయిత అతని చేతిలోనుంచి లాక్కొన్నాడు. ముగింపు సుఖంగానే ఉన్నది. మధ్యభాగం వలె మనసులో నిలవదు.

మూడవది 1964 నాటి మలయాళ చిత్రం ‘భార్గవీ నిలయం’. వైకం ముహమ్మద్ బషీర్ తన ‘నీలవెలిచ్చం’ కథను తానే చిత్రానువాదంగా విస్తరించగా ఎ. విన్సెంట్ దర్శకత్వం వహించాడు. తర్వాత తెలుగులో నటిగా, దర్శకురాలిగా ప్రసిద్ధికెక్కిన విజయనిర్మల భార్గవి పాత్ర ధరించింది. ఒక రచయిత ఏకాంతం కోసం ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకొంటాడు. బావిలో పడి చనిపోయిన భార్గవి అందులో తిరుగుతుందని ఊరివారి నమ్మకం. మొదట భయం, దానికి కారణం ఆమె ఉన్నదో లేదో పాత్రకూ తెలియదు, ప్రేక్షకునికీ తెలియదు. ఆ స్థితిలో రచయిత పారిపోడు. కనిపించని ఆ యువతితో మాట్లాడడం మొదలుపెడతాడు, ఆమె కథ వ్రాయడానికి పూనుకొంటాడు. కథ తెలుస్తున్నకొద్దీ భయం కరిగి జాలిగా మారుతుంది. భయపెట్టిన దయ్యం అన్యాయానికి బలియైన ప్రేమికురాలుగా నిలుస్తుంది.

మూలకథలో ఇంత వివరణ లేదు. నూనె అయిపోయి ఆరిన దీపం, కిరసనాయిలు తేవడానికి వెళ్లి తిరిగివచ్చేసరికి గది నిండా నీలికాంతి. అది ఎవరు వెలిగించారో బషీర్ తేల్చలేదు. నలుపు తెలుపుల చిత్రంలో నీలిరంగుకు చోటు లేదు. చిత్రం హంతకుని పట్టి చూపింది; కరుణను సంపాదించి అద్భుతాన్ని కొంత పోగొట్టుకొన్నది. 2023లో ఆషిక్ అబూ అదే కథను రంగులలో ‘నీలవెలిచ్చం’ పేరుతోనే మళ్లీ తీశాడంటే, ఆ వెలుగు ఆకర్షణ తరిగిపోలేదన్నమాట.

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒక సూత్రం కనబడుతుంది. ఎవరికీ తెలియనప్పుడు భయం. పాత్రల కంటె ముందు ప్రేక్షకునికి తెలిసినప్పుడు, పొంచి ఉన్నది శుభమైతే హాస్యశృంగారాలు, అశుభమైతే కరుణ. భావం పాత్రలో నుండి పొంగి ప్రేక్షకుని మీద పడదు. పాత్రకూ ప్రేక్షకునికీ మధ్య తెలివిడిలో ఉన్న అంతరంలో అది పుడుతుంది.

ఒక ఆక్షేపం రావచ్చు. చూచిన చిత్రాన్నే మళ్లీ చూచేవారున్నారు గదా. అంతా తెలిసిన తర్వాత ఇంక అంతరం ఎక్కడిది? నిజానికి రెండవసారి ఆ అంతరం పెరుగుతుంది. దుర్గ వానలో తడిసి ఆడుతున్న ఘట్టం మొదటిసారి ఆనందం. తర్వాత రాబోయే జ్వరం తెలిసినవానికి ఆ వాన అణువణువునా కరుణ. ‘మిస్సమ్మ’ పదవసారి చూచినా నవ్వు తగ్గదు. తగ్గేది భయమొక్కటే, తెలియనితనమే దాని ప్రాణం గనుక. కేవలం ఉలికిపాటుతో నడిచిన చిత్రం ఒక్కసారితో ఖర్చైపోతుంది. ‘భార్గవీ నిలయం’ నిలవడానికి కారణం భయం తరిగినచోట కరుణ మిగలడమే.

ఈ చర్చ చలనచిత్రాలతో ముగిసేది కాదు. తెర కోసం మాటలు వ్రాసే తెలుగు రచయితలు ఎందరో ఉన్నారు. కథలోనూ నవలలోనూ తెర ప్రభావం పడినవారు అంతకన్న ఎక్కువ. పాత్ర తన బాధను తానే వివరించే పేజీలు ఈ ప్రభావం వలననే పెరిగాయన్న నింద ఉన్నది. నింద చెందవలసినది తెరకు కాదు. తెర తన ఉత్తమదశలో గొంతును ఆపింది, దండను నీట వేసింది, అలకకు పేరు పెట్టలేదు. వాక్యం వ్రాసేముందు రచయిత వేసుకోదగిన ప్రశ్న ఒకటే: ఈ సంగతి ఇప్పుడు ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు? దానికి సమాధానం దొరికితే, చెప్పకుండా వదలవలసినది ఏదో దానంతటదే తేలుతుంది.