ప్రహేళిక రసవిరోధియేనా? ఆంథొనీ హొరోవిట్జ్ అపరాధ పరిశోధన నవలలు: ఒక పరిశీలన

ప్రవేశిక

ప్రహేళిక రసానికి అడ్డు తగులుతుంది కాబట్టి అది అలంకారమే కాదని సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు తీర్పు చెప్పాడు. అంతకు శతాబ్దాల ముందు దండి కావ్యాదర్శంలో ప్రహేళికకు కొన్ని ప్రయోజనాలను ఒప్పుకున్నాడు. వినోదగోష్ఠుల్లో ఆటగానూ, జనం మధ్య ఎరిగినవారితో రహస్యంగా మాట్లాడటానికీ, ఎదుటివారిని తికమకపెట్టడానికీ అది పనికివస్తుందన్నాడు. ఈ మూడింటిలో ఎక్కడా రసం ప్రసక్తి లేదు. మమ్మటుడు సైతం వ్యంగ్యం లేని చిత్రకావ్యాన్ని కావ్యభేదాల్లో అన్నిటికంటే కింది మెట్టున నిలిపాడు.

అపరాధ పరిశోధన నవల పట్ల ఆధునిక విమర్శ వైఖరి కూడా దాదాపు ఇలాగే ఉంది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలను తెలుగు పాఠకులు తరతరాలుగా చదివారు. సాహిత్య చర్చలో మాత్రం అవి ఎక్కువగా ‘కాలక్షేప సాహిత్యం’ అన్న పేరు కిందనే కనిపిస్తాయి. చిక్కుముడి విడిపోగానే పుస్తకంతో పని తీరిపోతుందనీ, రెండోసారి చదవడానికి అందులో ఏమీ మిగలదనీ ఈ వైఖరి వెనుక ఉన్న ఆక్షేపణ.

ఆ ఆక్షేపణను ఈ ప్రక్రియ లోపలి నుంచే పరీక్షకు పెట్టిన సమకాలీన ఆంగ్ల రచయిత ఆంథొనీ హొరోవిట్జ్. 1955లో జన్మించిన ఈయన బాలసాహిత్యం, టెలివిజన్ రచన, పరిశోధన నవల అనే మూడు రంగాల్లో కృషి చేశాడు. ఆయన పరిశోధన రచనల క్రమాన్ని పరిశీలించి, ప్రహేళికకూ రసానికీ పొత్తు ఎక్కడ కుదిరిందో, ఎక్కడ కుదరలేదో నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం. పరిష్కారాలను దాచి ఈ నవలలను చర్చించడం సాధ్యం కాదు కనుక అవసరమైన చోట వాటిని వెల్లడించడం జరిగింది.

సంప్రదాయ ప్రక్రియ – పాఠకునితో ఒప్పందం

బ్రిటన్‌లో రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలాన్ని పరిశోధన నవలకు స్వర్ణయుగంగా పరిగణిస్తారు. అగాథా క్రిస్టీ దాని ప్రధాన ప్రతినిధి. అనుమానితుల సంఖ్య పరిమితంగా ఉండటం, ఆధారాలన్నీ పాఠకుని కళ్ళముందే ఉండటం, చివర పరిశోధకుడు అందరి ఎదుట ముడి విప్పడం దీని లక్షణాలు. రచయిత పాఠకుని తికమకపెట్టవచ్చు గానీ మోసగించకూడదన్నది మూలసూత్రం. 1929లో రోనాల్డ్ నాక్స్ ఈ నియమాలను పది ఆజ్ఞలుగా కూర్చాడు. అందువల్ల ఈ ప్రక్రియకు పునాది రచయితకూ పాఠకునికీ మధ్య ఉన్న ఒక అలిఖిత ఒప్పందం అని చెప్పవచ్చు. హొరోవిట్జ్ పరిణత రచనలకు ఈ ఒప్పందమే కథావస్తువు అయింది.

పరాయి పాత్రలతో సాధన

హొరోవిట్జ్ పరిశోధన రచనలో ఒక దశ ఇతరుల పాత్రలతో సాగింది. అగాథా క్రిస్టీ సృష్టించిన పొయిరో కథలను టెలివిజన్‌కు మలిచిన రచయితల్లో ఆయన ఒకడు. 1997లో మొదలైన ‘మిడ్‌సోమర్ మర్డర్స్’ ధారావాహిక తొలి కథను కారొలైన్ గ్రాహమ్ నవల నుంచి రూపొందించింది ఆయనే. మరొకరి శైలిలో ఇమడటం, మరొకరి పరిశోధకునికి మాట కూర్చడం ఈ దశలో ఆయనకు అలవడిన విద్యలు.

2002 నుంచి 2015 వరకు ప్రసారమైన ‘ఫోయిల్స్ వార్’ ఆయన సొంత సృష్టి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఉన్న హేస్టింగ్స్ పట్టణంలో పోలీసు అధికారి క్రిస్టఫర్ ఫోయిల్ హత్యలను పరిశోధిస్తాడు. రోజూ వేలమంది చనిపోతున్న కాలంలో ఒక్క మనిషి హత్యను పట్టించుకోవడంలో అర్థమేమిటి? హంతకుడు యుద్ధానికి అవసరమైనవాడైతే చట్టం అతన్ని విడిచిపెట్టాలా? ఈ ప్రశ్నలు ధారావాహికలో మళ్ళీ మళ్ళీ తలెత్తుతాయి. ఇక్కడ చిక్కుముడి విడిపోయాక కూడా ధర్మసంకటం విడిపోదు. ప్రేక్షకుని మనసులో నిలిచేది ఆ సంకటమే. ప్రహేళికకు వెలుపల, చరిత్ర నుంచి రసపోషణ జరిగిన దశ ఇది.

కోనన్ డాయిల్ వారసుల ఆమోదంతో వచ్చిన ‘ది హౌస్ ఆఫ్ సిల్క్’ (2011), ‘మోరియార్టీ’ (2014) నవలలు మరో మెట్టు. మొదటిదానిలో వాట్సన్ తన రాతప్రతిని నూరేళ్ళపాటు తెరవకూడదని దాచిపెడతాడు. పసిపిల్లలపై పెద్దమనుషులు సాగించిన అత్యాచారం ఆ నవలలోని రహస్యం. డాయిల్ కాలపు పత్రికల్లో చోటు దొరకని విషయాన్ని డాయిల్ శైలిలోనే చెప్పడానికి నూరేళ్ళ గడువు ఒక కథనోపాయమైంది. రెండో నవలలో కథ చెబుతున్నవాడే మోరియార్టీ అని చివర తేలుతుంది. నమ్మదగిన సహచరునిగా కనిపించిన కథకుడే అపరాధి కావడం క్రిస్టీ వాడిన ఎత్తుగడే అయినా, హోమ్స్ లేని హోమ్స్ ప్రపంచంలో అది పాఠకుని నమ్మకాన్ని నేరుగా తాకుతుంది. అనుకరణ విమర్శగా మారడం ఇక్కడ మొదలైంది.

‘మాగ్‌పై మర్డర్స్’: గర్భకథలోని ద్వేషం

2016లో వెలువడిన ‘మాగ్‌పై మర్డర్స్’ హొరోవిట్జ్ రచనల్లో శిఖరప్రాయమైనది. ఇందులో ఒక నవల లోపల మరో నవల సంపూర్ణ రూపంలో ఉంది. అలన్ కాన్వే అనే ప్రసిద్ధ రచయిత రాసిన రాతప్రతిని సంపాదకురాలు సూసన్ రైలాండ్ చదవడం మొదలుపెడుతుంది. 1955 నాటి పల్లెటూరిలో అట్టికస్ పూండ్ అనే పరిశోధకుడు జరిపే విచారణ ఆ లోపలి కథ. హంతకుని పేరు తెలియవలసిన చోట రాతప్రతి ఆగిపోతుంది. చివరి అధ్యాయాలు కనిపించవు. ఇంతలో కాన్వే తన ఇంటి బురుజు మీది నుంచి పడి చనిపోయాడన్న వార్త వస్తుంది. మాయమైన పుటల కోసం వెతుకుతూ సంపాదకురాలే పరిశోధకురాలవుతుంది.

కథలో కథ తెలుగు పాఠకునికి కొత్త కాదు. పింగళి సూరన కళాపూర్ణోదయంలో ముందు తలెత్తిన సందేహాలకు వెనుక వచ్చే కథల్లో సమాధానాలు దొరుకుతాయి. పఠితలో కుతూహలాన్ని నిలిపి ఉంచే కథన క్రమం అది. రెండు రచనల మధ్య ప్రభావ సంబంధం లేదు, నిర్మాణ సామ్యం మాత్రమే ఉంది. భేదం కూడా స్పష్టం. సూరన కావ్యంలో కథలు ఒకదాన్నొకటి విశదం చేస్తాయి. హొరోవిట్జ్ నవలలో లోపలి కథ బయటి కథకు తాళంచెవి అవుతూనే దాని మీద పగ కూడా తీర్చుకుంటుంది.

ఆ పగ అక్షరాల్లో దాగి ఉంది. కాన్వే రాసిన తొమ్మిది నవలల పేర్లలోని మొదటి ఆంగ్లాక్షరాలను వరుసగా కలిపితే ‘ఇది అక్షరాల తారుమారు’ అని సూచించే మాట ఏర్పడుతుంది. ఆ సూచనను పట్టుకుని అట్టికస్ పూండ్ అన్న పేరులోని అక్షరాలను మార్చి కూర్చితే ఒక బూతు తిట్టు బయటపడుతుంది. తనకు కీర్తినీ ధనాన్నీ తెచ్చిన పరిశోధకుణ్ణి కాన్వే లోలోపల అసహ్యించుకున్నాడు. గంభీర నవలాకారుడు కావాలన్న ఆశ తీరక, పరిశోధన నవలలు రాయడం తనకు తగని పనిగా భావించాడు. ప్రాణాంతక వ్యాధి సోకిన దశలో ఈ గుట్టును లోకానికి చెప్పాలని నిశ్చయించుకున్నాడు. అది బయటపడితే పూండ్ నవలల మీద ఆధారపడిన ప్రచురణ సంస్థ విలువ కుప్పకూలుతుంది. కాబట్టి ప్రచురణకర్త చార్లెస్ క్లోవర్ అతన్ని చంపాడు.

పద్యాల్లో పేర్లను దాచే విద్య తెలుగు చిత్రకవులకు సుపరిచితం. కృతిపతి పేరునో ఇష్టదైవం పేరునో భక్తితో, కృతజ్ఞతతో దాచారు. కాన్వే అదే విద్యను తిరస్కారానికి వాడాడు. దండి చెప్పిన ప్రయోజనాలతో పోల్చి చూస్తే దీని స్వరూపం ఇంకా స్పష్టమవుతుంది. కాన్వే లక్షలాది పాఠకుల నడుమ తనతో తానే రహస్యంగా మాట్లాడుకున్నాడు. ఎదుటివారిని తికమకపెట్టి ఆనందించాడు. వినోదగోష్ఠి మాత్రం అతనికి లేదు, ఎందుకంటే ఆ గోష్ఠిలో కూర్చున్న పాఠకులనే అతను ద్వేషించాడు. కాన్వే ప్రహేళిక రసవిరోధి కావడానికి కారణం దాని రూపం కంటే అందులోని ద్వేషం. ఒప్పందాన్ని అక్షరాలా పాటిస్తూనే అతను దాని ప్రాణాన్ని తీశాడు.

ఈ పరిష్కారం విశ్వనాథుని తీర్పుకు ఎదురు నిలుస్తుంది. సాధారణ పరిశోధన నవలలో నేరస్థుని పేరు తెలియగానే పాఠకునికి సంతృప్తి కలుగుతుంది. ఇక్కడ పరిష్కారం పాఠకుని సంతృప్తినే గాయపరుస్తుంది. పూండ్ కథను ఇష్టంగా చదివిన పాఠకుడు తాను తిట్టు తిన్నవాడినని గ్రహిస్తాడు. అంతేకాక గుట్టు దాగి ఉంటే బాగుండేదని ఒక్క క్షణం అతనికీ అనిపిస్తుంది. అలా అనిపించిన క్షణంలో అతను హంతకుని పక్షాన నిలబడతాడు. సూసన్ సంకటమూ ఇదే. సంస్థ నాయకత్వాన్ని ఆమెకు అప్పగించజూపినవాడే హంతకుడు. నిజం చెబితే తన వృత్తి, తాను ప్రేమించిన పుస్తకాలు రెండూ పోతాయి. ప్రహేళిక విడిపోయిన చోటే భావసంఘర్షణ మొదలవుతుంది. ఈ నవలను రెండోసారి చదివేవారికి లోపలి కథలోని ప్రతి చమత్కారమూ, పాత్రల పేర్లలో దాచిన పక్షుల పేర్లతో సహా, వెక్కిరింతగా వినిపిస్తుంది. పునఃపఠనంలో అర్థం మారే రచనను ఒక్కసారి చదివి పారవేసేదిగా పరిగణించడం కుదరదు.

హాథోర్న్ నవలలు: కథకుని పతనం

2017లో ‘ది వర్డ్ ఈజ్ మర్డర్’తో మొదలైన వరుసలో హొరోవిట్జ్ తన పేరుతోనే కథకుని పాత్ర ధరించాడు. తన అంత్యక్రియలకు తానే ఏర్పాట్లు చేసుకున్న ఒక స్త్రీ అదే రోజు హత్యకు గురవుతుంది. పోలీసు శాఖ నుంచి తొలగించబడిన హాథోర్న్ ఆ విచారణను పుస్తకంగా రాయమని రచయితను కోరతాడు. హోమ్స్–వాట్సన్ సంబంధానికి ఇది తలకిందుల రూపం. వాట్సన్ తన మిత్రుణ్ణి ఆరాధించాడు. ఈ కథకుడు తన పరిశోధకుని దురభిప్రాయాలను అసహ్యించుకుంటాడు, అతని ప్రతిభను చూసి అసూయపడతాడు, సొంతంగా చేసిన ఊహలు తప్పి ప్రాణాపాయంలో పడతాడు. ‘ది ట్విస్ట్ ఆఫ్ ఎ నైఫ్’ (2022)లో తన నాటకాన్ని చీల్చి చెండాడిన విమర్శకురాలి హత్యకేసులో అతనే అనుమానితుడవుతాడు.

ఆధారాలన్నీ కథకుని కళ్ళముందే ఉన్నా అతను వాటిని చూడలేకపోవడం ఈ వరుసలోని ముఖ్య చమత్కారం. పాఠకుని స్థానంలో రచయితే నిలబడి ఓడిపోతాడు. ఇక్కడ హాస్యం సమృద్ధిగా పండింది. అయితే ఆత్మపరిహాసం ఒక కవచంగానూ పనిచేస్తుంది. తన లోపాలను తానే ముందుగా చెప్పుకున్న రచయితను నిలదీయడం విమర్శకునికి కష్టం. హాథోర్న్ గతాన్ని నవలకు కొంత చొప్పున విడుదల చేయడం కూడా పాత్రచిత్రణ కంటే తరువాతి సంపుటానికి ఎరగానే ఎక్కువగా పనిచేస్తుంది. ‘క్లోజ్ టు డెత్’ (2024)లో అధిక భాగం ప్రథమపురుష కథనానికి మారడం, కథకుని ఓటమి అనే చమత్కారానికి ఉన్న హద్దును రచయిత గుర్తించాడనడానికి సూచన కావచ్చు.

పరిమితులు

చరిత్రను పరిశోధనతో జోడించిన ‘ఫోయిల్స్ వార్’ తరువాత, నవలల్లో ఆ జోడింపు బలహీనపడింది. అట్టికస్ పూండ్ నాజీ నిర్బంధ శిబిరం నుంచి బయటపడిన మనిషి. అంతటి గతం ఉన్న పరిశోధకుడు పల్లెటూరి హత్యను ఏ కళ్ళతో చూస్తాడన్న ప్రశ్నకు నవలలో తగినంత విస్తృతి లేదు. అది కాన్వే నవల కాబట్టి ఆ లోపం కాన్వేదే అని సమాధానం చెప్పవచ్చు. గర్భకథ రచయితకు కల్పించే సౌకర్యం ఇదే. లోపలి నవలలోని ప్రతి బలహీనతనూ కల్పిత రచయితకు అంటగట్టవచ్చు.

‘మూన్‌ఫ్లవర్ మర్డర్స్’ (2020)లో చేయని హత్యకు జైలుపాలైనవాడు స్టెఫాన్ కోద్రెస్కు అనే రుమేనియా వలస కార్మికుడు. వలసవారి పట్ల దురభిప్రాయం న్యాయాన్ని ఎలా పక్కదారి పట్టిస్తుందో చూపడానికి ఇది మంచి అవకాశం. నవల అతని నిర్దోషిత్వాన్ని నిరూపిస్తుంది గానీ అతని గొంతుకు ఇచ్చిన చోటు స్వల్పం. చిక్కుముడికి అతను అవసరం, అనుభూతికి అంతగా కాలేదు. ఇక్కడ విశ్వనాథుని తీర్పు చెల్లుతుంది.

‘మార్బుల్ హాల్ మర్డర్స్’ (2025)లో మరణించిన కాన్వే స్థానంలో ఎలియట్ క్రేస్ అనే మరో రచయిత పూండ్ కథను కొనసాగిస్తాడు. పరాయి పాత్రలను కొనసాగించడం వృత్తిలో భాగమైన హొరోవిట్జ్, ఆ పనినే పరిశోధనకు పెట్టిన సందర్భం ఇది. పరిశోధకుడు ఎవరి సొత్తు? సృష్టించినవాడిదా, వారసులదా, ప్రచురణకర్తదా, చదివి ప్రేమించినవారిదా? ఆయన రచనా జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగిందని ఈ నవల వెలుగులో గుర్తించవచ్చు.

ముగింపు

ప్రహేళిక స్వభావతః రసవిరోధి అన్న సూత్రాన్ని హొరోవిట్జ్ రచనలు పూర్తిగా ఖండించవు, పూర్తిగా సమర్థించవు. చిక్కుముడి కోసం మనిషిని వాడుకున్న చోట ఆ సూత్రం నిలుస్తుంది. విడిపోయిన ముడి పాఠకుని ఆనందాన్నే విచారణకు పిలిచిన చోట అది వీగిపోతుంది. ‘మాగ్‌పై మర్డర్స్’ గొప్పతనం ఈ రెండో కోవలో ఉంది.

ఆ నవల విమర్శకులను కూడా అనుమానితుల వరుసలో నిలబెడుతుంది. పరిశోధన నవల తక్కువజాతి రచన అన్న భావం కాన్వేకు పుట్టుకతో రాలేదు. సాహిత్య ప్రపంచంలో స్థిరపడిన తారతమ్యాన్ని నమ్మడం వల్ల అతను తన పనిని తానే తిట్టుకున్నాడు, తన పాఠకులను అవమానించాడు. హత్య చేసింది ప్రచురణకర్తే అయినా హత్యకు దారితీసిన ద్వేషానికి ఆ తారతమ్యమే మూలం. తెలుగు అపరాధ పరిశోధన నవలను అంచనా కట్టేటప్పుడు అది ఉత్తమమా, అధమమా అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టవలసి ఉంది. రచయిత పాఠకునితో ఎలాంటి ఒప్పందం చేసుకున్నాడు, దాన్ని ఎంత గౌరవంతో నిలబెట్టుకున్నాడు, ముడి విడిపోయాక ఏ భావం మిగిలింది అన్న మూడు ప్రశ్నలతో యుగంధర్ నవలలను మళ్ళీ చదవడం ఆ దిశలో సరైన మొదటి అడుగు కాగలదు.