నాచారం మేడ మీద అరుంధతి

రాత్రి ఆకాశాన్ని ఫొటో తీయాలని ఉందని హైదరాబాద్‌లో ఎవరితో అన్నా వచ్చే మొదటి సలహా ఒకటే: ఊరు దాటి పో. వరంగల్ హైవే ఎక్కి ఘట్‌కేసర్ దాటు, లేదా సాగర్ రోడ్డు పట్టు, సెలవు దొరికితే శ్రీశైలం అడవుల దాకా వెళ్లు. పాలపుంత కావాలంటే ఆ సలహా సరైనదే, నేనూ వెళ్తుంటాను. అయితే నా కెమెరా ఎక్కువ రాత్రులు పనిచేసేది నాచారంలో మా అపార్ట్‌మెంట్ మేడ మీద. దక్షిణాన ఉప్పల్ స్టేడియం, పడమట తార్నాక, ఉత్తరాన మౌలాలి గుట్ట, వీటన్నిటి దీపాల నడుమ. ఊళ్లో తీసిన ఆకాశాన్ని గతిలేక తీసిన ఫొటోగా చూసేవాళ్లే ఎక్కువ. నాకది బాధగా ఉంటుంది. ఊళ్లో నిలబడి తీస్తేనే విలువున్న ఫొటోలు కొన్ని ఉన్నాయి.

అరుంధతినే తీసుకోండి. సప్తర్షి మండలం తోకలో నడిమి చుక్క వసిష్ఠుడు. ఆయన్ని ఆనుకుని మసగ్గా ఉండేది అరుంధతి. చుక్కల వెలుగును కొలిచే లెక్కలో అంకె పెరిగేకొద్దీ చుక్క మసకబారుతుంది. వసిష్ఠుడిది 2కు కాస్త పైన, అరుంధతిది 4. కరెంటు దీపాల్లేని చోట మంచి కంటికి 6 దాకా అందుతాయి. ఉప్పల్ చుట్టుపక్కల 4 అందితే ఆ రాత్రి చాలా బాగున్నట్టే. అంటే అరుంధతి మా ఆకాశంలో సరిగ్గా గట్టు మీద ఉంది: వాన కడిగిన రాత్రి కనపడుతుంది, దుమ్ము లేచిన రాత్రి పోతుంది. మా పేట ఆకాశం ఎలా ఉందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు.

మా పై అంతస్తులో కొత్తగా పెళ్లయిన అమ్మాయి ఒక రాత్రి ఆరేసిన బట్టలు తీసుకుపోవడానికి వచ్చి, ట్రైపాడ్ దగ్గర ఆగింది. "పెళ్లిల పంతులుగారు చూపెట్టిండ్రు అంకుల్, మాకైతే ఏం కనవడలే. ఉన్నదనుకుని దండం పెట్టినం" అంది. కెమెరా తెర మీద వసిష్ఠుణ్ణి పెద్దది చేసి చూపించాను. "గా చిన్నదేనా?" అని కాసేపు చూసి, కిందికి పరుగెత్తి భర్తను పిలుచుకొచ్చింది. ఇద్దరూ తెర మీద చూసి, ఆ తర్వాత తలెత్తి చాలాసేపు ఆకాశంలో వెతికారు. ఎక్కడ చూడాలో తెలిశాక అబ్బాయి కంటికి అందింది. కెమెరా చేసే పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. అది కంటికి దారి చూపిస్తుంది.

వసిష్ఠుడు, అరుంధతుల జంటకు ఫొటోగ్రఫీ చరిత్రలోనూ పెద్ద పీట ఉంది. మనిషి ఫొటో తీసిన మొదటి నక్షత్రం, సూర్యుణ్ణి వదిలేస్తే, అభిజిత్తు. 1850లో అమెరికాలోని హార్వర్డ్ అబ్జర్వేటరీలో విలియం బాండ్, ఫొటోగ్రాఫర్ జాన్ విపుల్ కలిసి 15 అంగుళాల టెలిస్కోపుతో తీశారు. వెండి పూత పలక మీద అది పడేందుకు నిమిషంన్నరకు పైగా పట్టింది. అంత వెలుగున్న చుక్కకే అంతసేపు. 1857లో విలియం కొడుకు జార్జ్ బాండ్ అదే టెలిస్కోపుకు, రసాయనం పూసి ఇంకా తడి ఆరని గాజు పలక తగిలించి, వసిష్ఠుడి వైపు తిప్పాడు. పలక మీద వసిష్ఠుడూ పడ్డాడు, అరుంధతీ పడింది. వసిష్ఠుడే టెలిస్కోపులో రెండు చుక్కలుగా విడిపోతాడు. ఆ రెండూ కూడా విడివిడిగా పడ్డాయి. జంట నక్షత్రాన్ని ఫొటో తీయడం లోకంలో అదే మొదలు. జార్జ్ బాండ్ అక్కడితో ఆగలేదు. పలక మీది చుక్కల మధ్య దూరాన్ని కొలిచి, కంటితో కొలిచిన లెక్కలతో పోల్చి, ఫొటోను నమ్మి ఆకాశాన్ని కొలవచ్చని చూపించాడు. చుక్కల ఫొటో అందం కోసమే కాదనీ, లెక్కకూ పనికొస్తుందనీ ఈ జంట దగ్గరే తేలింది.

ఆ లెక్క తిరిగి తిరిగి మన ఊరికే వచ్చింది. 1887లో ప్యారిస్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమై, ఆకాశం మొత్తాన్ని ఫొటో పలకల మీదికి ఎక్కించి, చుక్కల స్థానాలు కొలవాలని తీర్మానించారు. పనిని పట్టీలుగా చీల్చి దేశదేశాల అబ్జర్వేటరీలకు పంచారు. చిలీలోని శాంటియాగోకు ఇచ్చిన పట్టీ ఒకటి అక్కడ ముందుకు సాగలేదు. ఖగోళ విషువద్రేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య ఉన్న ఆ పట్టీ హైదరాబాద్‌కు వచ్చింది. ఇక్కడ నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో టెలిస్కోపు తెప్పించి, ఫిసల్‌బండలో 1901లో అబ్జర్వేటరీ పెట్టాడు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. చాట్‌వుడ్, పోకాక్, ఆ తర్వాత తొలి భారతీయ డైరెక్టర్ టి.పి. భాస్కరన్ హయాంల్లో ఏళ్ల తరబడి ఆ పట్టీని రెండేసి డిగ్రీల ముక్కలుగా ఫొటో తీశారు, కొలిచారు, అచ్చువేశారు. జర్మనీలోని పోట్స్‌డామ్ వాటాలో మిగిలిన కొంత పనీ హైదరాబాదే చేసింది. మొత్తం ఏడు లక్షలకు పైగా చుక్కలు. 1919 నుంచి ఆ అబ్జర్వేటరీ ఉస్మానియా విశ్వవిద్యాలయానిది. అక్కడి ఉద్యోగి కొడుకే ఖగోళ శాస్త్రజ్ఞుడు వైను బప్పు. నిజాం కాలేజీలో చదివి హార్వర్డ్ వెళ్లి, 1949లో తాను తీసిన ఫొటో పలక మీద కొత్త తోకచుక్కను కనిపెట్టాడు.

ఏడు లక్షల చుక్కల్ని ఊళ్లో కూర్చుని ఫొటో తీసిన నగరం మనది. బేగంపేటకు నాచారం ఎంత దూరం? అందుకే మేడ మీద ట్రైపాడ్ పెట్టిన ప్రతిసారీ ఆ పనికి కొనసాగింపు చేస్తున్నాననే అనుకుంటాను. విశ్వవిద్యాలయం వాళ్లు తర్వాతి కాలంలో 48 అంగుళాల టెలిస్కోపును నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టుకోవాల్సి వచ్చింది. పరిశోధనకు చీకటి కావాలి కాబట్టి అది తప్పదు. మరి ఊరి ఆకాశం లెక్క ఎవరు రాయాలి? మేడలున్నవాళ్లే రాయాలి.

ఇక పనిముట్టు సంగతి. పాత ఎస్ఎల్ఆర్‌లో లోపల ఒక అద్దం వెలుతురును వ్యూఫైండర్‌కు పంపేది. బటన్ నొక్కగానే అది పైకి లేచి దారి ఇచ్చేది. 2008లో పానసోనిక్ జీ1తో మార్కెట్లోకి వచ్చిన మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ అద్దం లేదు. సెన్సర్ ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది, అది చూసేదే మనమూ చూస్తాం. పగటి పూట ఇందులో పెద్ద విశేషం కనిపించకపోవచ్చు. రాత్రి మాత్రం ఇదే ప్రాణం. ఆటోఫోకస్ చుక్కను సరిగా పట్టుకోదు. లెన్సు మీద అనంతం గుర్తు దగ్గర ఆపితే ఫోకస్ కుదురుతుందన్న నమ్మకమూ లేదు. చిత్తా నక్షత్రం లాంటి వెలుగున్న చుక్కను తెర మీద పది రెట్లు పెద్దది చేసి, ఫోకస్ రింగును వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పితే ఆ ముద్ద కుంచించుకుపోయి చివరికి సూదిమొనంత అవుతుంది. అక్కడ వదిలేయాలి. ఆ తర్వాత రింగును ముట్టుకోకూడదు. కుదుపు తగ్గించే స్టెబిలైజేషన్‌ను ట్రైపాడ్ మీద ఆపేయాలి.

ఎంతసేపు తెరవాలన్నది ఊళ్లో ఒకలా, అడవిలో ఒకలా ఉంటుంది. అడవిలో వెడల్పు లెన్సుతో 15, 20 సెకన్లు తీస్తారు. నాచారంలో అంతసేపు తెరిస్తే ఫ్రేమంతా బూడిదరంగు వెలుగే. నా 50 ఎంఎం లెన్సు ఎఫ్ 2.8 దగ్గర, ఐఎస్ఓ 800, నాలుగు సెకన్లు. భూమి తిరగడం వల్ల చుక్కలు గంటకు 15 డిగ్రీలు జరుగుతాయి. అయితే ధ్రువానికి దగ్గరయ్యేకొద్దీ నడక నెమ్మదిస్తుంది కాబట్టి సప్తర్షులకు నాలుగు సెకన్లలో గీత పెద్దగా పడదు. ఒక్క ఫ్రేములో అరుంధతి చుట్టూ రంగురంగుల గరుకు ఉంటుంది. అలాంటివి 64 తీసి సీరిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే గరుకు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. ఎందుకంటే తగ్గేది ఫ్రేముల సంఖ్యకు వర్గమూలం లెక్కన. అప్పుడు అరుంధతి ఒక్కటే కాదు, కంటికి ఆశే లేని చుక్కలు కూడా ఆ బూడిదలోంచి లేచి వస్తాయి. జేపెగ్‌లో తీస్తే ఇది కుదరదు, రా ఫైలే ఉండాలి. నాయిస్ తగ్గించే సెట్టింగులు కూడా ఆపేయండి. కొన్ని కెమెరాలు మసక చుక్కలను నాయిస్ అనుకుని చెరిపేస్తాయి.

సెన్సర్ ఎప్పుడూ పనిచేస్తూ ఉండటంలో నష్టమూ ఉంది. బ్యాటరీ త్వరగా అయిపోతుంది. పవర్ బ్యాంకుతో నడిచే కెమెరా అయితే ఆ బెంగ ఉండదు. వేడి ఇంకో సమస్య. రోహిణి కార్తెలో మా స్లాబు రాత్రి పదకొండింటికి కూడా కాలుతూనే ఉంటుంది. సెన్సర్ వేడెక్కితే ఫొటో నిండా ఎర్రవీ నీలివీ దొంగచుక్కలు. లెన్సుకు మూత పెట్టి, అదే సమయం, అదే ఐఎస్ఓతో కొన్ని నల్ల ఫ్రేములు తీసి పెట్టుకుంటే సాఫ్ట్‌వేర్ ఆ దొంగచుక్కల్ని తీసివేస్తుంది. ఆ నల్ల ఫ్రేములు అదే రాత్రి, అదే వేడిలో తీయాలి.

దీపాల గురించి చెప్పకుండా ఊరి ఆకాశం గురించి మాట్లాడలేం. ఒకప్పుడు మన వీధుల్లో పసుపుపచ్చ సోడియం దీపాలు ఉండేవి. సోడియం వెలుగులో ఎక్కువ భాగం ఒకే రంగు దగ్గర, 589 నానోమీటర్ల చుట్టుపక్కల గుమిగూడి ఉంటుంది. ఒక్క ఫిల్టర్‌తో దాన్ని చాలావరకు ఆపొచ్చు. వాటి చోట తెల్ల ఎల్ఈడీలు వచ్చాయి. కరెంటు ఆదా అయింది, అది మంచిదే. కానీ ఎల్ఈడీ అన్ని రంగులనూ వెదజల్లుతుంది, పైగా 450 నానోమీటర్ల దగ్గర నీలం ఎక్కువ. గాలి అణువులు ఆ నీలాన్ని సోడియం పసుపు కంటే దాదాపు మూడు రెట్లు చెదరగొడతాయి. ఏ ఫిల్టరూ దాన్ని పూర్తిగా ఆపలేదు. ఆపాల్సింది దీపం దగ్గరే. వెలుగు రోడ్డు మీదికే పడేలా దీపం పైన, పక్కన కప్పు ఉండాలి. నీలం తక్కువున్న బల్బులు పెట్టాలి. పడుకునే వేళ దాటాక వెలుగు తగ్గించాలి. మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకు పక్కన ఫ్లడ్‌లైట్ ఆకాశం వైపు తిరిగి ఉండేది. అసోసియేషన్ సమావేశంలో అడిగితే కిందికి వంచారు. మెట్ల దగ్గర వెలుగు పెరిగిందని పెద్దవాళ్లు సంతోషించారు. రాత్రి నీళ్లు చూడటానికి పైకొచ్చే వాచ్‌మన్ ఇప్పుడు తనే సప్తర్షుల్ని లెక్కపెడుతున్నాడు. స్టేడియంలో మ్యాచ్ ఉన్న రాత్రి దక్షిణపు దిక్కంతా పాలిపోతుంది. ఆ రాత్రులు కూడా నేను తీస్తాను. మ్యాచ్ ఉన్న రాత్రి, లేని రాత్రి ఒకే ఫ్రేము పక్కపక్కన పెడితే ఎన్ని చుక్కలు పోయాయో చెప్పొచ్చు. ఊహించి చెప్పడం కాదు, లెక్కపెట్టి చెప్పడం.

ఎప్పుడు తీయాలో తెలియడానికి నాకు యాప్ కంటే పంచాంగమే ముందు. కృష్ణపక్షంలో అష్టమి దాటాక సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా చంద్రుడి బెడద ఉండదు. కార్తెలు ఇంకా గొప్పగా చెబుతాయి. రోహిణి కార్తె అంటే సూర్యుడు రోహిణిలో ఉన్నాడని. అంటే దానికి సరిగ్గా ఎదురుగా ఉండే అనూరాధ, జ్యేష్ఠలు అర్ధరాత్రి నడినెత్తి గీత దాటుతాయి. పొలం పనికి పుట్టిన లెక్క కెమెరా పనికీ అలాగే సరిపోతుంది.

అనూరాధ ఊరికే ఎత్తలేదు. నూరేళ్ల కిందట హైదరాబాద్ వాటాకు వచ్చిన 17 నుంచి 23 డిగ్రీల పట్టీలో అనూరాధ చుక్కలు రెండు పడతాయి. మన ఊరు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండటం వల్ల ఆ పట్టీ దక్షిణాన దాదాపు 50 నుంచి 56 డిగ్రీల ఎత్తుకు, మురికి గాలిని దాటి పైకి వస్తుంది. ఈ వేసవిలో ఆ పట్టీనే ముక్కలుగా తీయాలని అనుకుంటున్నాను. ఒకప్పటి గాజు పలక రెండు డిగ్రీల నలుచదరం, నా 50 ఎంఎం లెన్సు ఒక్క ఫ్రేములో అడ్డంగా 26 డిగ్రీలు పడుతుంది కాబట్టి పని పెద్దదేమీ కాదు. మృగశిర కార్తె వచ్చి మబ్బులు దిగేలోపు అనూరాధ నుంచి ధనుస్సు దాకా అయినా పూర్తి కావాలి. హబ్సిగూడలో, మల్లాపూర్‌లో, ఉప్పల్ భగాయత్‌లో మేడ, కెమెరా రెండూ ఉన్నవాళ్లు అదే పట్టీని తీస్తే ఏ పేటలో ఎన్ని చుక్కలు మిగిలాయో పోల్చుకోవచ్చు. ఈ పట్టీలో చుక్కల నడక వేగం కాబట్టి నాలుగు సెకన్లు వద్దు, రెండే. మిగతావన్నీ పైన చెప్పినట్టే. ఫైలు పేరులో తేదీ, తిథి, పేట పేరు, ఆ రాత్రి మ్యాచ్ ఉందో లేదో రాసి పెట్టండి.