నాలుగుసార్లు కట్టిన దీపం

ఎడిన్‌బరోలోని స్కాట్లండ్ నేషనల్ మ్యూజియంలో ఒక సీసం ముద్ద ఉంది. బరువు దాదాపు 200 గ్రాములు. హెన్రీ హాల్ అనే 94 ఏళ్ల కాపలాదారు కడుపులోంచి తీసిన ముద్ద అది. 1755 డిసెంబరు 2 తెల్లవారుజామున, ఇంగ్లండ్‌లోని ప్లిమత్ రేవుకు ఎదురుగా నడిసముద్రంలో ఉన్న ఎడ్డీస్టోన్ దీపస్తంభం పైకప్పు అంటుకుంది. ఆ వేళ కాపలా హాల్‌ది. ఆ వయసులో ఆయన బకెట్లతో నీళ్లు పైకి విసురుతుంటే, కరిగిన సీసం పైనుంచి ముఖం మీద పడింది. తెరిచిన నోట్లోకి కొంత జారిపోయింది. సీసం మింగానని ఆయన ఎంత చెప్పినా డాక్టరు నమ్మలేదు. 12 రోజులకు ఆయన చనిపోయాక కోసి చూస్తే ముద్ద దొరికింది.

దీపాన్ని కనిపెట్టుకుని ఉండడమంటే ఏమిటో చెప్పడానికి ఆ ముద్ద ఒక్కటి చాలు. అయితే హాల్ కాపాడబోయింది మొదటి దీపస్తంభాన్ని కాదు. అదే బండల మీద అప్పటికే ఒకటి లేచి, సముద్రంలో కలిసిపోయింది. హాల్ ఉన్నది దాని తర్వాతిది. అది కాలిపోయాక మూడోది వచ్చింది, దాని పక్కన నాలుగోది. కూలిన చోటే మళ్లీ కట్టే పని చేసేవాళ్లంతా ఒకసారి చదవాల్సిన కథ ఇది.

ముందు ఆ చోటు సంగతి. ప్లిమత్ నుంచి దాదాపు 22 కిలోమీటర్ల దూరంలో, సముద్రం మధ్యలో, ఎర్రటి బండలు కొన్ని. పోటు వేళ దాదాపుగా మునిగిపోతాయి. ఆటు వేళ తేలతాయి. సరంగుకు కొండతో భయం లేదు, అది కనిపిస్తుంది. కనిపించీ కనిపించని ఇలాంటి రాయితోనే చావు. మన ఉత్తరాంధ్ర తీరంలోనూ అలాంటి రాళ్లున్నాయి. విజయనగరం జిల్లా చింతపల్లి దగ్గర, ఇంగ్లిషు రికార్డుల్లో శాంటపిల్లి అని రాసిన చోట, భీమునిపట్నం వచ్చే ఓడలకు ఆ రాళ్ల సంగతి హెచ్చరించడానికి 1847లో దీపస్తంభం కట్టారు. అక్కడ అదృష్టం ఏమిటంటే ఒడ్డున ఒక గుట్ట ఉంది, దీపాన్ని దాని మీద పెట్టారు. ఎడ్డీస్టోన్‌కు దగ్గర్లో అలాంటి గుట్ట లేదు. దీపం పెట్టాలంటే ఓడల్ని చంపే ఆ బండ మీదే పెట్టాలి.

ఆ సాహసం మొదట చేసినవాడు ఇంజినీరు కాడు. హెన్రీ విన్‌స్టాన్లీ బొమ్మలు చెక్కేవాడు, నీటి యంత్రాలతో వినోద ప్రదర్శనలు పెట్టి లండన్ జనాన్ని ఆకట్టుకున్నవాడు. డబ్బు పెట్టి కొనుక్కున్న ఓడలు ఎడ్డీస్టోన్ బండలకు కొట్టుకుని మునిగితే, ఆ కడుపుమంటతో 1696లో పని మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది ఫ్రెంచి ఓడ ఒకటి వచ్చి ఆయన్ని పట్టుకుపోయింది. అప్పట్లో రెండు దేశాలకూ యుద్ధం. తాను పోరాడేది ఇంగ్లండ్‌తో గానీ మానవజాతితో కాదని ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ ఆయన్ని విడిపించి పంపాడని చెబుతారు. 1698 నవంబరు 14న బండ మీద కొవ్వొత్తులు వెలిగాయి. నడిసముద్రపు రాతి మీద దీపం నిలబెట్టవచ్చునని అంతకుముందు చాలామంది నమ్మలేదు.

ఒక్క చలికాలం గడిచేసరికే దాని బలం ఎంతో తెలిసివచ్చింది. 1699లో విన్‌స్టాన్లీయే దాన్ని ఇంకా లావుగా, ఇంకా ఎత్తుగా మళ్లీ కట్టాడు. చుట్టూ వరండా, నగిషీలు, జెండా కర్రలు. చూడ్డానికి పండగ మండపంలా ఉండేది. గాలికి పట్టు దొరకడానికి అంతకంటే ఏం కావాలి? ఎంత పెద్ద తుపాను వచ్చినా ఆ రాత్రి తాను అందులోనే ఉండాలని ఆయన కోరుకునేవాడట. పాత క్యాలెండరు ప్రకారం 1703 నవంబరు 26 రాత్రి, ఇంగ్లండ్ చరిత్రలోనే అతి పెద్ద తుపాన్లలో ఒకటి వచ్చినప్పుడు, మరమ్మతు పని మీద వెళ్లిన విన్‌స్టాన్లీ అక్కడే ఉన్నాడు. తెల్లారి చూస్తే కొన్ని ఇనుప కడ్డీలు తప్ప బండ మీద ఏమీ మిగల్లేదు. కొద్ది రోజులకే వర్జీనియా నుంచి వస్తున్న వించెల్‌సీ అనే ఓడ అదే బండకు కొట్టుకుని మునిగింది.

రెండోసారి కట్టిన జాన్ రడ్‌యర్డ్ పట్టుబట్టల వ్యాపారి. ఇద్దరు ఓడ వడ్రంగుల్ని వెంటపెట్టుకుని వెళ్లాడు. నగిషీలన్నీ తీసేసి, అలకు అడ్డు తగలని నున్నటి శంకువు ఆకారం ఎంచుకున్నాడు. వాలుగా ఉన్న బండను మెట్లుగా చెక్కించాడు. లోపల బరువు కోసం రాయి, బయట ఓడకు కొట్టినట్టు చెక్క పలకలు, సందుల్లో తారు. 1709కి పూర్తయిన ఆ కట్టడం 46 ఏళ్లు నిలిచింది. చివరికి దాన్ని ఓడించింది సముద్రం కాదు, లోపలి నిప్పు.

అప్పుడు రాయల్ సొసైటీ అధ్యక్షుడు సూచించిన పేరు జాన్ స్మీటన్. లీడ్స్ దగ్గరివాడు. కొలత పరికరాలు తయారుచేసే పనితో మొదలైనవాడు. వయసు 31. అంతకుముందు ఒక్క దీపస్తంభమూ కట్టలేదు. చెక్క అయితేనే అలకు కాస్త వంగి బతుకుతుందనీ, రాయి విరిగిపోతుందనీ చాలామంది వాదించారు. స్మీటన్ రాయే అన్నాడు. అయితే ముందటి మనిషిని తీసిపారెయ్యలేదు, అదే ఆయన గొప్పతనం. రడ్‌యర్డ్ ఆకారం బాగుందన్నాడు, బండను మెట్లుగా చెక్కిన పద్ధతి బాగుందన్నాడు. చాలనిది బరువు, పనికిరానిది చెక్క అని తేల్చాడు. మొదలు దగ్గర వెడల్పుగా నేలను పట్టుకుని, పైకి పోనుపోను సన్నబడే ఓక్ చెట్టు మాను ఆయనకు నమూనా అయింది.

ఇక రాళ్ల అమరిక. వడ్రంగి పెట్టె మూలల్లో చెక్కకు చెక్క కొరికించినట్టు, ఒక్కో రాయి అంచునూ పావురం తోకలా విచ్చుకునేలా చెక్కించాడు. పక్క రాయిలో దానికి సరిపోయే గాడి. ఏ రాయినీ ఒంటరిగా బయటికి లాగడం కుదరదు, లాగితే వరసంతా కదలాలి. వరసకూ వరసకూ మధ్య పాలరాతి మేకులు. బయట కార్న్‌వాల్ గ్రానైటు, లోపల పోర్ట్‌లండ్ రాయి. వరసలను ముందు ఒడ్డున, మిల్‌బే పనిస్థలంలో పేర్చి చూసి, గుర్తులు పెట్టి, విప్పి, పడవకెక్కించేవారు. బండ మీద రాయిని అటూ ఇటూ జరిపి చూసే తీరిక ఉండదు. ఆటు వేళ దొరికే కొద్ది గంటలే పని, పోటు రాగానే పడవెక్కాలి. ఇంకో బెడద కూడా ఉండేది. దారిలో దొరికిన మగవాణ్నల్లా యుద్ధనౌకల్లో పనికి ఈడ్చుకెళ్లే రోజులవి. తన పనివాళ్లను ఎవరూ పట్టుకుపోకుండా స్మీటన్ వాళ్లకు గుర్తింపు పతకాలు చేయించి ఇప్పించాడు. పనివాడు ఇల్లు చేరతాడన్న భరోసా లేకపోతే రాయి సరిగ్గా కూర్చోదని ఎరిగిన మనిషి.

ఆయన ఎక్కువగా మథనపడింది మాత్రం సున్నం గురించి. మామూలు సున్నం గాలి తగిలి ఆరుతుంది. రోజుకు రెండుసార్లు మునిగే చోట దానికి ఆరే అవకాశం ఎక్కడిది? 1756లో స్మీటన్ రకరకాల సున్నపురాళ్లు తెప్పించి, కాల్చి, చిన్న ఉండలు చేసి నీళ్లలో వేసి చూశాడు. ఏది కరిగిపోతోంది, ఏది గట్టిపడుతోంది? నీళ్లలో గట్టిపడిన రాళ్లను ఆమ్లంలో కరిగించి అడుగున మిగిలింది చూస్తే బంకమట్టి! తెల్లగా, స్వచ్ఛంగా ఉన్న సున్నపురాయే మేలైనదని తరతరాలుగా నమ్మిన మేస్త్రీల మాట తప్పని తేలింది. మట్టి కలిసిన మురికి రాయే నీళ్లలో నిలిచే సున్నాన్ని ఇస్తుంది. వేల్స్ తీరంలోని అబెర్థా నుంచి తెచ్చిన అలాంటి రాతి సున్నానికి, ఇటలీ నుంచి వచ్చిన అగ్నిపర్వతపు మట్టిని సమపాళ్లలో కలిపి వాడాడు. ఇవాళ సిమెంటు అని మనం పిలిచే దాని చరిత్ర చెప్పేవాళ్లంతా ఈ ఉండల దగ్గర ఒకసారి ఆగాల్సిందే.

తెలుగు మేస్త్రీలకు ఈ రహస్యం వేరే దారిలో తెలుసు. ఎద్దులు తిప్పే గానుగలో సున్నాన్ని నూరుతూ అందులో ఇటుక పొడి, అంటే సుర్కీ, కలిపేవారు. కాల్చిన బంకమట్టి పొడి సున్నంతో కలిస్తే తడిలోనూ గట్టిపడుతుంది. ఇటలీ మట్టి చేసిన పనే ఇక్కడ ఇటుక పొడి చేసింది. మన పాత కట్టడాల్లో మేకు దిగని గచ్చు తగిలినప్పుడు అది ఊరికే వచ్చిన గట్టిదనం కాదని గుర్తుంచుకోవాలి. ఆ పాళ్లు తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు ఎక్కడో ఒకరు. పాత గోడకు సిమెంటు పూసి మరమ్మతు అయిందనుకునేవాళ్లు మాత్రం ఊరూరా ఉన్నారు.

1757 జూన్ 12న మొదటి రాయి కూర్చుంది. 1759 ఆగస్టు 24న చివరి రాయి మీద ఆ తేదీతోపాటు దేవునికి స్తుతి అని లాటిన్‌లో చెక్కించారు. అక్టోబరు 16 రాత్రి 24 కొవ్వొత్తులు వెలిగాయి. ఎత్తు 72 అడుగులు. అరగంటకోసారి వత్తులు కత్తిరించమని కాపలాదారుకు గుర్తుచేసే గంట గడియారం కూడా స్మీటన్ పెట్టించాడు.

ఆ కట్టడం సముద్రంలో 120 ఏళ్లకు పైగా పనిచేసింది. 1870లలో పెద్ద అల తగిలినప్పుడల్లా వణకడం మొదలైంది. వెతికితే తప్పు కట్టడంలో లేదు. కింద బండనే సముద్రం తొలిచేసింది. స్మీటన్ రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి, వాటిని మోసే నేలే ఖాళీ అవుతోంది. కట్టినవాడి తప్పు లేకుండానే కట్టడం పోయే పరిస్థితి ఇది. ఈ మాట ఒప్పుకోవడానికి మంచి ఇంజినీర్లకు కూడా మనసు రాదు.

నాలుగోది కట్టిన జేమ్స్ డగ్లస్ పక్కనే, దాదాపు 40 మీటర్ల అవతల, గట్టి బండ వెతికాడు. బండ చుట్టూ నీళ్లు రాకుండా గోడ కట్టి, లోపలి నీళ్లు తోడి పునాది వేయించాడు. ఆయన కూడా ముందటివాడిని చదివాడు. స్మీటన్ కట్టడం అడుగున ఉన్న వంపు మీదుగా అల పాకుతూ దీపం దాకా ఎగబాకేదని చూసి, తన దానికి అడుగున 44 అడుగుల వ్యాసం, 22 అడుగుల ఎత్తుతో నిట్టనిలువు గుండ్రటి దిమ్మె పెట్టాడు. అల దానికి కొట్టుకుని అక్కడే విరుగుతుంది. రాళ్ల కొరుకుడు మాత్రం స్మీటన్‌దే, పక్కలతోపాటు పైకీ కిందికీ కూడా. 1882లో వెలిగిన ఈ 49 మీటర్ల కట్టడమే ఇప్పటికీ పనిచేస్తోంది. స్మీటన్ కట్టడంలో ఉండగానే కొవ్వొత్తులు పోయి 1810లో నూనె దీపాలు వచ్చాయి, డగ్లస్ కట్టడానికి తర్వాత విద్యుత్తు వచ్చింది. 1982 నుంచి కాపలాదారులు లేరు, నెత్తి మీద హెలికాప్టరు దిగే వేదిక ఉంది. పది సెకన్లకోసారి రెండు మెరుపులు.

మరి స్మీటన్ కట్టడం? దాన్ని పడగొట్టి పారేస్తే ప్లిమత్ జనం ఊరుకునేలా లేరు. చందాలు పోగుచేశారు. రాయి రాయీ విప్పి ఒడ్డుకు తెచ్చి, హో అనే సముద్రపు గట్టు మీద మళ్లీ నిలబెట్టి 1884లో తెరిచారు. నడిసముద్రంలో నిలవడానికి ఎంచిన రాళ్లు ఇప్పుడు పచ్చికలో నిలబడ్డాయి. ప్లిమత్ వెళ్లే తెలుగువాళ్లు, అక్కడ చదువుకునే పిల్లలు, ఒక సాయంత్రం ఆ 93 మెట్లూ ఎక్కండి. గోడకు చెయ్యి ఆనించి అతుకులు చూడండి. మబ్బు లేని రోజైతే పైనుంచి దక్షిణంగా డగ్లస్ దీపస్తంభం కనిపిస్తుంది. దాని పక్కన సన్నగా, పొట్టిగా మొండెం ఒకటి నిలబడి ఉంటుంది. అది స్మీటన్ కట్టడం మొదలు. పై భాగాన్ని విప్పగలిగారు గానీ దాన్ని అక్కడే వదిలేశారు, ఇప్పటికీ ఆ బండ మీదే ఉంది.